కవరు ఎత్తని పొద్దు

పుచ్చ గింజ చలికి మొలవదు. అందుకని వెల్దుర్తిలో శాంతమ్మ డిసెంబరులో నారుమడి మీద వెదురు బద్దలు వంచి గుచ్చి, పైన ప్లాస్టిక్ కవరు కప్పింది. యూరియా బస్తాల లోపలి కవర్లను సైకిల్ షాపు దావూద్ కొవ్వొత్తి మంట మీద అతికించి ఇచ్చాడు. సాయంత్రం కప్పాలి, పొద్దెక్కగానే ఎత్తాలి. రేడియోలో అలాగే చెప్పారు.

భర్త పోయాక ఆమె వేసిన మొదటి పంట అది. పంట చేతికొస్తే పొలం ఆమె చేసుకుంటుంది, లేకపోతే మరిది అమరేశ్వరరావు చేస్తాడు. పెద్దమనుషుల ముందు అలా ఒప్పుకున్నారు. ఉన్న గింజలన్నీ ఆమె ఆ మడిలోనే పోసింది.

"నారుకి చలేస్తందని దుప్పటి కప్పిందిరా మా వదిన. రేపు చొక్కా కూడా కుట్టిస్తది," అని అతను టీ కొట్టు దగ్గర నవ్వించేవాడు.

నారు మూడో ఆకు వేసింది. ఆ తెల్లవారుజామున పక్కింటి పిచ్చమ్మ చనిపోయింది. శవం లేచేదాకా ఆ వీధిలో ఎవరూ పొలానికి పోరు. పిచ్చమ్మ కూతురు పెదకూరపాడు నుంచి రావాలి. బస్సు ఇంకా రాలేదు.

ఎండ పిచ్చమ్మ వాకిట్లోకి వచ్చింది. ఆడవాళ్లలో కూర్చున్న శాంతమ్మ లేచింది.

"ఎక్కడికి వదినా?" అన్నాడు అమరేశ్వరరావు.

"కవరు ఎత్తొస్తా. నారు ఉడికిపోద్ది."

"శవాన్ని ఎదురుగా పెట్టుకుని కవరు గోలేంది? నలుగురూ ఏమనుకుంటారు?"

"దావూద్‌కన్నా కబురు పెట్టయ్యా. వాళ్లది మన వీధి కాదుగా."

"పెడతాలే. కూచో."

ఆమె కూర్చుంది. అతను పాడెకు వెదుర్లు తేవడానికి వెళ్లాడు.

మధ్యాహ్నం దావూద్ వచ్చి మగవాళ్ల వెనక నిలబడ్డాడు. శాంతమ్మ అతని దగ్గరికి వెళ్లింది.

"నీకు ఎవరన్నా ఏమన్నా చెప్పారా?"

"లేదక్కా. ఏంది?"

"ఏం లేదు. ఎండ నడినెత్తికొచ్చింది, ఇంక లాభం లేదు."

ఆమె తిరిగి వచ్చి ఆడవాళ్లలో కూర్చుంది.

శవం లేచేసరికి ఎండ వాలింది. శాంతమ్మ తలస్నానం చేసి పొలానికి వెళ్లింది. కవరు లోపల నీళ్లు కారుతున్నాయి. ఎత్తితే ఉడికించిన ఆకుకూర వాసన వచ్చింది. నారంతా మట్టికి అంటుకుపోయి ఉంది.

శ్మశానం నుంచి అమరేశ్వరరావు తడిబట్టలతో అటే వచ్చాడు. మడి చూశాడు.

"ఆ పనుల్లో పడి మర్చిపోయా వదినా."

ఆమె వేలితో ఒక మొక్కను లేపింది. అది వాలిపోయింది.

"ఒప్పుకున్నట్టే రేపు నేను అరక కట్టి దున్నుతా," అన్నాడు.

"కట్టుకో."

ఆమె కవరును మళ్లీ మడి మీదికి లాగింది.

"ఇంకా ఎందుకు కప్పుతున్నావ్?"

"పొద్దుగూకింది," అంది శాంతమ్మ. కవరు అంచుల మీద రోజూ పెట్టే రాళ్లు పెట్టింది.