మేడం ఎక్కిన లాంచీ

నాగార్జునసాగర్‌లో లాంచీ టికెట్ కొనడానికి నిత్య పడ్డ తంటాలు చూస్తే, ఆమె ఏ దేశాధినేతనో రహస్యంగా కలవబోతోందని అనుకోవాలి. కలవబోతున్నది నేరేడుచర్లలో రైస్ మిల్లు నడిపే గిరిధర్‌ను. మిర్యాలగూడ డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పే మనిషి కదా, రోజును కూడా లెక్కగట్టే ఎంచుకుంది. ఆదివారం వద్దు. రెండో శనివారం అసలే వద్దు. మహాశివరాత్రి వెళ్లిందంటే ఫేర్‌వెల్ పార్టీల కాలం. కోదాడ ఇంజనీరింగ్ పిల్లలు బస్సులు మాట్లాడుకుని, సూర్యాపేట పిల్లలు బండికి ముగ్గురేసి ఎక్కి సాగర్ మీద పడతారు. లాంచీలో స్పీకర్లు పెట్టి డాన్సులు, ఈలలు, సెల్ఫీల కోసం రెయిలింగు పట్టుకుని వేలాడటాలు. ఆ గుంపులో చిక్కితే పక్కనున్న మనిషిని మంచినీళ్లు అడగాలన్నా గొంతు చించుకోవాలి. పైగా వాళ్లలో మిర్యాలగూడ నుంచి వచ్చినవాళ్లంతా తన శిష్యులే అయి ఉంటారు.

చివరికి ఒక గురువారం దొరికింది. ఆ రోజు తమ కాలేజీలో అన్ని తరగతులకూ ఇంటర్నల్ పరీక్ష. టైమ్‌టేబుల్ వేసింది తనే. కోదాడలో, సూర్యాపేటలో లెక్చరర్లుగా ఉన్న స్నేహితులకు ఫోన్ చేసి అక్కడి కాలేజీల సంగతి కనుక్కుంది. లాంచీ కౌంటరుకు ఫోన్ చేసి ఆ రోజు కాలేజీ గ్రూపులేమైనా బుక్ చేసుకున్నాయా అని రెండుసార్లు అడిగింది. అవతలి మనిషికి విసుగొచ్చి, కావాలంటే లాంచీ మొత్తం మీరే మాట్లాడుకోండని పెట్టేశాడు. తల్లి లక్ష్మీకాంతమ్మకు మాత్రం సూర్యాపేటలో పేపర్లు దిద్దే డ్యూటీ పడిందని చెప్పింది. అబద్ధాలు చెప్పడంలో ఏమాత్రం నేర్పు లేని మనిషి కాబట్టి, ఆ మాట చెబుతున్నంతసేపూ మజ్జిగ గ్లాసులోకే చూసింది.

ఇంత గోప్యం ఎందుకంటే, గిరిధర్‌కు ఆమె చెప్పాల్సిన మాట ఒకటుంది. అది చెప్పనివ్వకుండా ఇంట్లోవాళ్లంతా కాపలా కాస్తున్నారు.

నిత్య భర్త పోయి ఐదేళ్లయింది. కూతురు చిన్ని మూడో తరగతి. ధాన్యం వ్యాపారం చేసే అన్న నగేష్ చెల్లెలికి మళ్లీ పెళ్లి చేయాలని పట్టుబట్టి ఈ సంబంధం తెచ్చాడు. గిరిధర్‌కు మొదటి పెళ్లి విడాకులతో ముగిసింది. పిల్లలు లేరు. మనవడో మనవరాలో ఒళ్లో ఆడితే చాలని వాళ్లమ్మ ఎదురుచూస్తోంది. చిక్కంతా అక్కడే ఉంది. రెండేళ్ల క్రితం గడ్డలు లేచాయని హైదరాబాద్ దవాఖానలో నిత్యకు గర్భసంచి తీసేశారు.

ఈ సంగతి ఇప్పుడే బయటపెట్టొద్దని తల్లీ అన్నా ఒకటే మాట మీద ఉన్నారు. ముందు మూడు ముళ్లూ పడనీ, తర్వాత అన్నీ అవే సర్దుకుంటాయంటారు. బియ్యంలో తవుడు కలిపి అమ్మితే కొనేవాడు మర్నాడు బస్తా తెచ్చి మొహాన కొడతాడని బాగా తెలిసిన వ్యాపారస్తులే, ఆడపిల్ల పెళ్లి దగ్గరికొచ్చేసరికి ఇలా మాట్లాడటం నిత్యకు మింగుడు పడలేదు. కోపం కూడా వచ్చింది. తన ఒంట్లో జరిగినదాన్ని తానే దాచుకోవాల్సిన తప్పులా చూస్తున్నారని ఏడ్చింది కూడా.

ఇంతకుముందు వచ్చిన ఒక సంబంధం వాళ్లకు ధైర్యం చేసి ఫోన్‌లో చెప్పేసింది. అవతలి మనిషి ఎంతో మర్యాదగా, అయ్యో దానికేముందండీ, అన్నాడు. వారం తిరక్కుండా జాతకాలు కలవలేదని కబురొచ్చింది. ఆ వెనకే, నిత్య ఆపరేషన్ సంగతి ధాన్యం మార్కెట్లో నలుగురి నోళ్లలోనూ నలిగింది. అప్పుడే నిశ్చయించుకుంది. ఇంకోసారి చెబితే ఎదురుగా కూర్చోబెట్టి, మొహం చూస్తూ చెప్పాలి. గొంతు మర్యాదను నటించగలదు గానీ మొహానికి అంత తొందరగా చేతకాదు.

గిరిధర్‌ను ఆమె ఒక్కసారే చూసింది, సూర్యాపేటలో మేనత్త ఇంట్లో. గది నిండా జనం, జీడిపప్పు ఉప్మా, ఎవరి బియ్యం ఎంత ధర పలికిందన్న కబుర్లు. ఇద్దరినీ ఒక్క నిమిషం వదల్లేదు. కానీ మర్నాడు అతనే ఫోన్ చేశాడు. "నిన్న మీరు ఏదో చెప్పబోయి ఆగిన్రు. ఏందో కనుక్కుందామని చేసిన" అన్నాడు. ఆ మాటకే నిత్యకు అతని మీద కాస్త నమ్మకం కలిగింది. హైవే మీది హోటల్లో కలుద్దామన్నాడు గానీ, అక్కడ టిఫిన్ చేసేవాళ్లలో సగం మంది అతన్ని పేరు పెట్టి పిలిచే ధాన్యం బ్రోకర్లే. అందుకే ఆమె లాంచీ అంది. నాగార్జునకొండ దాకా చుట్టూ నీళ్లే. తెలిసినవాళ్లు ఎదురు రారు. వింటున్న మనిషి ఏదో పనుందని లేచి వెళ్లిపోనూ లేడు.

గురువారం ఆమె బస్సులో వచ్చింది, అతను కారులో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు గానీ కనుబొమ్మల్లో మిల్లు దుమ్ము అలాగే ఉంది. మిల్లోళ్లందరిలాగే అతని గొంతూ పెద్దది. కుశలం అడిగినా దూరాన ఉన్న లారీని వెనక్కి రమ్మని పిలిచినట్టే ఉంటుంది. లాంచీలో వీళ్లు కాక ఆత్మకూరు నుంచి వచ్చిన ముసలి దంపతులూ, ఇంకో రెండు కుటుంబాలూ ఉన్నాయి. ఎంత చక్కటి రోజు ఎంచుకున్నానో అని నిత్య తనను తాను మెచ్చుకుంది.

ఆ మెప్పు తాడు విప్పేదాకా కూడా నిలవలేదు. ఒడ్డు మీద ఈలలు, బండ్ల హారన్లు వినిపించాయి. నలభై మంది దాకా పిల్లలు ఆగండాగండని అరుస్తూ మెట్ల మీదుగా దిగుతున్నారు. ముందు నడుస్తున్నవాడు క్రాంతి, ఫైనలియర్. భుజం మీద సూట్‌కేసంత స్పీకర్. ప్రశ్నపత్రాల అచ్చు పూర్తికాలేదని కాలేజీవాళ్లు ముందు రోజు రాత్రే పరీక్ష వాయిదా వేశారు. సెలవులో ఉన్నాను కదా అని నిత్య స్టాఫ్ గ్రూపు సందేశాలు చూడనేలేదు.

మొదట చూసింది క్రాంతే. చూసి మెట్టు మీదే ఆగిపోతే వెనకున్నవాళ్లు అతన్ని ఢీకొన్నారు. తర్వాత ఒక్కొక్కరే చూశారు. కాలేజీలో నిత్య వరండాలో నడుస్తోందంటే చాలు, రెండు గదుల అవతల కూడా మాట ఆగిపోతుంది. పరీక్ష హాల్లో ఆమె తలెత్తితే పెన్ను కింద పడ్డవాడు దాన్ని తీసుకోడానికి కూడా భయపడతాడు. అలాంటి మేడం లాంచీలో, ఎవరో మగమనిషి పక్కన. పిల్లలు వరుసగా ఎక్కి, తగ్గుస్వరంలో నమస్తే మేడం, నమస్తే మేడం అంటూ, ఆడపిల్లలొకవైపు మగపిల్లలొకవైపు చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నారు. ఇంతటి క్రమశిక్షణ ఆ లాంచీ పుట్టి బుద్ధెరిగాక చూసి ఉండదు.

లాంచీ కదిలింది. ఇంజను వెనకెక్కడో సన్నగా గురగురమంటోంది. నీళ్లు అంచుకు తగిలే చప్పుడు కూడా వినిపిస్తోంది. నిత్య కోరుకున్న నిశ్శబ్దం నూటికి నూరుపాళ్లూ దొరికింది. ఆ నిశ్శబ్దంలో గిరిధర్ అడిగాడు, వీళ్లంతా మీ పిల్లలేనా అని. ఆ ప్రశ్న చివరి వరుస దాకా వెళ్లింది. ఎవరో కిసుక్కుమని వెంటనే నోరు మూసుకున్నారు. ఎవరూ ఇటు చూడటం లేదు. చెవులు మాత్రం అందరివీ ఇక్కడే ఉన్నాయి.

గర్భసంచి అన్న మాట నిత్య ఇక్కడెలా ఎత్తుతుంది? సాయంత్రానికి మిర్యాలగూడలో తెలియనివాళ్లుండరు. పోనీ వెనక్కి వెళ్లిపోదామంటే నీళ్ల మధ్య ఉంది. గిరిధర్ కదలలేడని ముచ్చటపడిందే గానీ తన సంగతి ఆలోచించలేదు. ఇవాళ చెప్పకపోతే ఇంట్లోవాళ్లు ఈ ఆదివారమే మాట ఖాయం చేసేస్తారు. ఆ తర్వాత ఎప్పుడు చెప్పినా అది మోసమే.

గిరిధర్ ఆమె ఇబ్బంది కనిపెట్టి వంగి గుసగుసలాడబోయాడు. మిల్లోడి గుసగుస మామూలు మనుషుల మాటంత ఉంటుంది. మళ్లీ చివరి వరుస దాకా వినపడింది.

"మా మిల్లుల ఇంటి ముచ్చట్లన్నీ మిషన్ నడుస్తుంటెనే మాట్లాడుకుంటం. మిషన్ ఆగిందంటే అందరం నోర్లు మూసుకుంటం. హమాలీలు వింటరు గద."

నిత్య అతని వైపు చూసింది. తర్వాత లేచి నిలబడింది. పిల్లలంతా ఇంకాస్త ముడుచుకున్నారు.

"క్రాంతి, ఆ స్పీకర్ ఎందుకు తెచ్చినవ్?"

"ఊకెనే మేడం. పెట్టం మేడం."

"పెట్టు."

క్రాంతికి నమ్మకం కుదరలేదు. ఇంటర్నల్ మార్కులు కోయడానికి పన్నిన ఉచ్చేమోనని అనుమానించి, తెలివిగా ఒక భక్తి పాట పెట్టాడు, అదీ సన్నగా. ఇది కాదు, దారి పొడుగునా వింటూ వచ్చింది పెట్టమని నిత్య చెప్పింది. సౌండ్ తగ్గించొద్దంది. డాన్స్ చేసుకోవచ్చనీ, రెయిలింగు జోలికి పోతే మాత్రం ఊరుకోననీ అంది. తీన్మార్ దరువు మొదలైంది. ముందు ఒక కాలు కదిలింది, తర్వాత పది. కాసేపటికి లాంచీ మొత్తం ఊగిపోతోంది. ఆత్మకూరు ముసలాయన కూడా చేతి కర్రతో తాళం వేస్తున్నాడు.

ఆ హోరులో నిత్య గిరిధర్‌కు ఎదురుగా జరిగి కూర్చుంది. మిషన్ల మధ్య బతికిన మనిషి, పెదవులు చూసే మాట పట్టుకుంటాడు.

"నాకు ఆపరేషన్ అయింది. గర్భసంచి తీసేసిన్రు. ఇగ నాకు పిల్లలు కారు. మీకు చెప్పొద్దన్నరు మా ఇంట్ల. చెప్పకుంట నేను పెళ్లి చేసుకోలేను."

చెప్పి అతని మొహంలోకి చూసింది. ఇన్ని లెక్కలు వేసుకుని వచ్చింది ఆ మొహం కోసమే. మర్యాద అందులో లేదు. కళ్లు ఒక్క క్షణం ఆమె మీద నిలిచి నీళ్ల మీదికి వెళ్లిపోయాయి. దవడ బిగుసుకుంది. లోపల ఏదో కూలిన మనిషి ఎలా ఉంటాడో అలాగే ఉన్నాడు. నిజం చూడాలని వచ్చినా, చూశాక గుండె కలుక్కుమంది.

"ఆశ ఉండె నాకు" అన్నాడు నీళ్లను చూస్తూనే. "లేదంటే అబద్ధమైతది."

లేచి, ఎగురుతున్న పిల్లల మధ్య నుంచి దారి చేసుకుంటూ లాంచీ ముందు కొసకు వెళ్లి వీపు ఇటు తిప్పి నిలబడ్డాడు. నీళ్ల మధ్య మనిషి ఎక్కడికీ పోలేడనుకుంది గానీ, పోగలిగినంత దూరం పోయాడు.

నిత్య అలాగే కూర్చుంది. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఆ గోలలో ఎవరూ చూడరు. అయినా మోసపోయినట్టు అనిపించలేదు. ఫోన్‌లో విన్న ఆ తియ్యటి మాట కన్నా ఈ బిగిసిన దవడే నయం. కనీసం తన కష్టాన్ని నిజంగా కష్టంగానే తీసుకున్నాడు. ఇంటికెళ్లి తల్లికి అంతా చెప్పేయాలి. ఈ సంబంధం పోయిందని చెప్పాలి. ఇకముందు ఎవరొచ్చినా మొదటి మాటే ఇదని కూడా చెప్పాలి. అమ్మ నాలుగు రోజులు మాట్లాడదు, అన్న దుకాణంలోనే భోంచేస్తాడు. చేయనీ.

కొండ దగ్గరపడింది. ఇంజను ఆపారు. లాంచీ ఒడ్డుకు తగులుతుండగా క్రాంతి గబుక్కున స్పీకర్ కట్టేశాడు. పిల్లలు మళ్లీ మాట లేకుండా రెండు పక్కలకూ జరిగి, మేడం ముందు దిగాలని దారి వదిలారు. ఆమె కళ్లు తుడుచుకుని లేచింది.

ముందు కొస నుంచి గిరిధర్ ఆ దారిలోనే ఎదురొచ్చాడు. కళ్లెర్రగా ఉన్నాయి. చుట్టూ ఎంత నిశ్శబ్దంగా ఉందో అతనికి తెలియకపోలేదు. అయినా గొంతు తగ్గించే ప్రయత్నమేమీ చేయలేదు.

"నిత్య గారూ, మా అమ్మకు నేనే చెప్త, ఈ రోజే చెప్త. చెప్పినంకనే ఆదివారం ఆమెను తీస్కొని మీ ఇంటికొస్త. ఆమె రానంటే నేనొక్కన్నే వస్త."

ఏం చెప్తాడో, ఎందుకొస్తాడో పిల్లలకు తెలియదు. ఆదివారం ఒకాయన మేడం ఇంటికి వస్తున్నాడన్నది మాత్రం అందరికీ తెలిసిపోయింది. బస్సు మిర్యాలగూడ చేరేలోపే ఆ కబురు తల్లి చెవిన పడుతుంది. తలూపి దిగిపోతే సరిపోయేది. కానీ అంత మాటకు తల ఊపడం చాలదని నిత్యకు తోచింది.

"రండి. ఇద్దరొచ్చినా, ఒక్కరే వచ్చినా, అన్నం తిన్నంకనే పోవాలె" అంది, క్లాసులో చివరి బెంచీకి వినపడేటట్టు.