బేకరీ వెనక వేడిగది

ఆమెను ఊళ్ళో అందరూ ఇస్త్రీ వదిన అనేవారు. ఆమెకన్నా వయసులో పెద్దవాళ్ళకు కూడా ఆమె వదినే. బజారు మొదట్లో రేకుల వరండాలో బొగ్గుల ఇస్త్రీపెట్టెతో నిలబడి, వచ్చేపోయేవాళ్ళను పలకరిస్తూ, పెళ్ళివారి పట్టుబట్టలనీ పోస్టుమాన్ చొక్కానీ ఒకే శ్రద్ధతో మడతపెట్టేది. భర్తకు సామాన్లు మోసే ఆటో ఉంది. మనిషి మంచివాడు, మాట తక్కువ. ఆయన మాట్లాడకుండా మిగిల్చినవన్నీ తన వాటాకు వచ్చాయని ఆమె నవ్వుతూ చెప్పేది.

ఊరి చివర ఆడపిల్లల హాస్టల్ తెరిచినప్పుడు దుప్పట్లు, యూనిఫాంలు ఉతికి ఇస్త్రీ చేసే పని ఆమెకే దక్కింది. ఎండలు కాసినన్నాళ్ళు ఆ పని నల్లేరు మీద నడకలా సాగింది. వానాకాలం వచ్చాక తల ప్రాణం తోకకొచ్చింది. ముసురు పట్టిందంటే తాళ్ళమీది బట్టలు తాళ్ళమీదే ఉండేవి. ఇంట్లో మంచం మీద, తలుపుల మీద, చివరకు భర్త ఆటోలో కూడా ఆరేసేది. తడి సరిగ్గా పోని బట్టకు ఎంత ఇస్త్రీ చేసినా ముక్కిన వాసన పోదు.

ఒకరోజు హాస్టల్ వార్డెన్ ఆమెను పిలిచి కూర్చోబెట్టింది.

“నీ పని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదమ్మా. వానను నువ్వు ఆపలేవని నాకూ తెలుసు. కానీ తడిబట్టలకు పిల్లల ఒంటిమీద దద్దుర్లు లేస్తున్నాయి. పట్నం లాండ్రీలో ఆరబెట్టే మిషన్లున్నాయట. కొన్నాళ్ళు చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే...”

ఆ మాట పూర్తి చేయడం వార్డెన్‌కు ఇష్టం లేకపోయింది. పూర్తిగా వినడం వదినకూ ఇష్టం లేకపోయింది.

గొడుగు పట్టుకుని ఇంటికి వస్తూ, బురద తక్కువగా ఉంటుందని ఆమె బేకరీ వెనక సందులోకి తిరిగింది. ఆ సందులో అటూ ఇటూ గోడలన్నీ నీళ్ళు పీల్చి నల్లగా ఉన్నాయి. బేకరీ వెనక గోడ మాత్రం తెల్లగా, పొడిగా ఉంది. చూరు కింద గోడకు ఆనుకుని వీధి పిల్లులన్నీ ఒకదాని మీద ఒకటి పడి హాయిగా నిద్రపోతున్నాయి. ఆమె గోడ మీద అరచెయ్యి పెట్టింది. జ్వరం వచ్చిన బిడ్డ నుదురులా వెచ్చగా తగిలింది. ఆ గోడకు అవతలివైపే రొట్టెల పొయ్యి.

బేకరీ యజమానిని ఊరంతా బాబాయి అనే పిలిచేది. ఆయన బ్రెడ్డుకు ఎంత పేరుందో, ముక్కు మీది కోపానికీ అంతే పేరుంది. నిన్నటి బన్ను అడిగినవాళ్ళకు ఇవాళ్టిది కూడా ఇచ్చేవాడు కాదు.

“బాబాయ్, మీ వెనక గోడ కాస్త వాడుకుంటా” అంది ఆమె.

“గోడను వాడుకునేదేమిటమ్మాయ్? అది గోడ.”

“దాని వేడంతా ఊరికే పోతోంది కదా. అక్కడో పందిరి వేసుకుని బట్టలు ఆరేసుకుంటా.”

“నా రొట్టెకు సబ్బువాసన పడితే?”

“పడదు. పడితే ఆ పూటే పీకేస్తా.”

“కుదరదు.”

మర్నాడు బన్ను కొనుక్కునే నెపంతో వచ్చి మళ్ళీ అడిగింది. ఆ మర్నాడూ వచ్చింది. బేకరీ ముందు నిలబడ్డవాళ్ళకు కూడా సంగతంతా విప్పి చెప్పడం మొదలుపెట్టేసరికి బాబాయికి విసుగొచ్చింది.

“సరేలే. ఈ ముసురు తగ్గేదాకా. ఆ తర్వాత నా గోడ నాకు.”

ఆమె, భర్త కలిసి గోడకు ఆనించి వెదుళ్ళు పాతి, మిగతా మూడు వైపులా, పైనా టార్పాలిన్ కట్టారు. చిన్న సందు కూడా లేకుండా బిగించారు. లోపలికి వెళ్తే మనిషికి ఆవిరి పట్టినట్టు చెమటలు కారేవి. బట్టలు మాత్రం వెచ్చగా, తడిగా అలాగే వేలాడేవి. వేడి చాలడం లేదనుకుంది ఆమె. భర్త అన్నగారి దగ్గరికి వెళ్ళింది.

బావగారిది రేకు పని. ఒకప్పుడు ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఆయన చేసిన ట్రంకుపెట్టో, బకెట్టో ఉండేది. ప్లాస్టిక్ వచ్చాక దుకాణం తెరవడమే గానీ సుత్తి పట్టే అవసరం అరుదుగా వచ్చేది. మరదలు పని తెచ్చిందంటే ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

“పొయ్యి పొగగొట్టం ఉంది కదా బావగారూ, అది తిన్నగా ఆకాశంలోకి పోతోంది. దాన్ని మన పందిట్లోంచి తిప్పి బయటికి పంపితే?”

“ఎందుకు పంపలేం? రేకును ఎటు వంచితే అటు పోతుంది” అన్నాడాయన.

గొట్టం వంగింది. పందిరి వేడెక్కింది. కానీ అతుకుల్లోంచి పొగ కారి, హాస్టల్ పిల్లల తెల్ల చొక్కాలన్నీ బూడిదరంగుకు తిరిగాయి. వాటన్నిటినీ మళ్ళీ ఉతుకుతూ ఆ రోజు ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోవడం చూసి భర్తే నోరు విప్పాల్సి వచ్చింది.

“పోనీ, హాస్టల్ పని వదిలేద్దామా?”

“వదిలేసి?”

“ఇదివరకు చేసిందే చేసుకుందాం.”

“ఇదివరకు చేసిందే చేసుకునేదానికి ఇంత మసి పూసుకోవడం దేనికి?” అని చొక్కా గట్టిగా పిండింది.

మర్నాడు ఆమె గొట్టం అతుకులు తుడుస్తుంటే బాబాయి వెనక తలుపులో నిలబడి చాలాసేపు చూశాడు. చేతులకు పిండి, భుజం మీద తువ్వాలు.

“రస్కు ఎలా చేస్తారో తెలుసా?” అన్నాడు ఉన్నట్టుండి.

“బ్రెడ్డు ముక్కల్ని మళ్ళీ కాలుస్తారు.”

“కాల్చం. ఆరబెడతాం. మంట తగ్గాక పొయ్యిలో పెట్టి, తలుపు ఓరగా తీసి ఉంచుతాం. తలుపు మూసేశామంటే రస్కు మెత్తబడి చస్తుంది. లోపలి తడి బయటికి పోవడానికి దారుండాలమ్మాయ్. నువ్వేమో నాలుగు వైపులా బిగించి, వేడి చాలడం లేదని పొయ్యిని ఆడిపోసుకుంటున్నావు.”

ఆమె మసిగుడ్డ పక్కన పడేసింది.

“ఈ మాట మొదటిరోజే చెప్పొచ్చు కదా బాబాయ్.”

“మొదటిరోజు నువ్వు గోడ అడిగావు. ఆరబెట్టడం గురించి అడగలేదు.”

ఆ సాయంత్రం బావగారు బేకరీ నేల మీద సుద్దముక్కతో బొమ్మ గీశాడు. పొగ పోయే గొట్టం లోపల. దానికి తొడుగులా ఇంకో పెద్ద గొట్టం పైన. ఆ రెండింటి నడుమ బయటి గాలి నడుస్తుంది. పొగ తగలదు, వేడి మాత్రం తగులుతుంది. ఆ వేడిగాలి గదిలోకి నేల దగ్గర వస్తుంది, బట్టల్లోని తడిని పట్టుకుని పైన కప్పు కిటికీలోంచి పోతుంది. కిటికీ ఎక్కడ పెట్టాలో బాబాయి చెప్పాడు. దాన్ని తాడుతో కిందినుంచే తెరవడం, మూయడం వదిన ఆలోచన. టార్పాలిన్ తీసేసి రేకుల గోడలు నిలిపారు. సుత్తి చప్పుడు బజారంతా వినబడింది. చాలాకాలానికి విన్నామని ఎదురింటివాళ్ళు అన్నారు.

మొదటి వాయి దుప్పట్లు తీసినప్పుడు బయట వాన దంచి కొడుతోంది. ఆమె ఒక దుప్పటిని బుగ్గకు ఆనించుకుంది. గలగల్లాడుతోంది. దాన్ని మడిచి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ముందుగా బాబాయికి చూపించింది. ఆయన ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

“సబ్బువాసన లేదు” అన్నాడు. ఆయన నోట అంతకు మించిన మెప్పు ఎవరూ వినలేదు.

ముసురు తగ్గింది. గోడ తిరిగి ఇమ్మని బాబాయి అడగలేదు. కట్టెల ఖర్చులో సగం ఆమె పెట్టుకునేట్టు మాటైంది.

మిరపకోతల కాలంలో ఎవరూ అనుకోని వాన పడింది. కళ్ళంలో పరిచిన కాయంతా తడిసింది. మిరపతోట పెద్దమ్మ, ఆ వయసులో ఒంటిచేత్తో సేద్యం చేసే మనిషి, ఒక బస్తా నెత్తిన పెట్టుకుని వదిన దగ్గరికి వచ్చింది.

“ఏమే, దుప్పట్లు ఆరితే కాయలు ఆరవా?”

“బట్టలుండే గది పెద్దమ్మా. ఘాటు పడుతుంది.”

“రేపటికల్లా నా కాయకు బూజు పడుతుంది. ఘాటు మేలా, బూజు మేలా?”

ఆమె ముఖం చూశాక వదినకు కాదనడానికి నోరు రాలేదు. బట్టలన్నీ తీసేసి కాయలు పరిచింది. ఎర్రగా, గలగల్లాడుతూ ఆరాయి. తర్వాత గది కడిగి, తుడిచి, యూనిఫాంలు ఆరేసింది. మర్నాడు హాస్టల్ పిల్లలంతా బడిలో తుమ్మడం మొదలుపెట్టారు. ఒక బెంచీ ఆగితే ఇంకో బెంచీ అందుకుంది. పాఠం చెప్పే టీచరు కూడా తుమ్మి తుమ్మి పుస్తకం మూసేసింది. వార్డెన్ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని స్వయంగా వచ్చింది. తిడుతుందనుకున్న వదిన గోడకు ఒదిగి నిలబడింది. వార్డెన్ నవ్వు ఆపుకోలేక అక్కడున్న బస్తా మీద కూలబడింది. అది మిరపకాయల బస్తా అని తెలిసి గబుక్కున లేచింది.

“ఇంకో గది కట్టవమ్మా” అంది కళ్ళు తుడుచుకుంటూ. “కాయలకు వేరే. కానీ మా బట్టలు మాత్రం నువ్వే ఉతకాలి. పట్నం మాట ఇక ఎత్తను.”

రెండో గదికి బాబాయి అలవాటు ప్రకారం కుదరదన్నాడు. తర్వాత దాని తలుపు బేకరీవైపు కాకుండా అవతలివైపు పెట్టాలని తనే కొలత వేసి చూపించాడు.

ఆ గదికి రేకులు బిగించగానే మళ్ళీ వాన పట్టుకుంది. ఈసారి పెద్దమ్మ ఒక్కతే కాదు, ఊళ్ళో మిరప వేసిన ప్రతి ఇంటి నుంచీ బస్తాలు వచ్చాయి. సరిగ్గా అప్పుడే బాబాయి జ్వరంతో మంచం పట్టాడు. పొయ్యి చల్లారింది. దాంతో రెండు గదులూ చల్లారాయి. రైతులు సందులో తలో గొడుగు కింద నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. పొయ్యి వెలిగించుకోవడానికి అనుమతి కోసం వదిన బాబాయి ఇంటికి వెళ్ళింది.

“వెలిగించు” అన్నాడాయన నీరసంగా. “కానీ ఖాళీ పొయ్యికి కట్టెలు తగలేయడం నా ఇంటా వంటా లేదు. రొట్టె కాలాల్సిందే.”

“రొట్టె ఎవరు చేస్తారు బాబాయ్?”

“నువ్వు.”

“నాకు రాదు.”

“ఆరబెట్టడం కూడా నీకు రాదు, నేర్చుకోలేదూ?”

ఆయన్ను మంచంతో సహా ఆటోలో ఎక్కించి బేకరీకి తెచ్చారు. దుప్పటి మెడదాకా కప్పుకుని, పడుకున్నచోటి నుంచే హుకుంలు జారీ చేశాడు. పిండిలో నీళ్ళెక్కువయ్యాయన్నాడు. పిసకడమంటే బుజ్జగించడం కాదన్నాడు. భర్త చేతుల బలమంతా పెట్టి పిసికాడు. పెద్దమ్మ పొయ్యి ముందు కూర్చుని, ఎవరూ చెప్పకుండానే మంటను అదుపులో పెట్టింది. రైతులు వంతులవారీగా కట్టెలు మోసి, గదుల్లో జల్లెడ పళ్ళేల మీది కాయలను తిరగేశారు.

మొదటి వాయి రొట్టె బయటికి వచ్చింది. బాబాయి వేలితో కొట్టి చూశాడు.

“దీంతో గోడ కట్టొచ్చు” అన్నాడు. “ఇంకో వాయి పెట్టు.”

ఊరు ఆ రొట్టెను టీలో నానబెట్టుకుని తింది. ఎవరూ వంక పెట్టలేదు. ప్రతి ఇంటి కాయా ఆ గదుల్లోనే ఉంది మరి. వాన వెలిసేసరికి వదిన రొట్టె మెత్తబడింది, బాబాయి జ్వరం దిగింది, బూజు పట్టకుండా కాయంతా ఇళ్ళకు చేరింది. చుట్టుపక్కల ఊళ్ళలో నల్లబడిన కాయ చూసి విసిగిపోయిన వ్యాపారులు ఆ ఎరుపు చూసి లారీలతో ఈ ఊరికే వచ్చారు.

ఆ తర్వాత పనులు ఒకదాన్నొకటి పట్టుకుని వచ్చాయి. మిరపకాయల్లో మంచివీ చెడ్డవీ ఏరడానికి ఆడవాళ్ళు బేకరీ వెనక కొత్తగా వేసిన షెడ్డులో కూర్చునేవారు. కోతల తర్వాత కూలికి ఊరు దాటాల్సిన అవసరం వాళ్ళలో చాలామందికి తప్పింది. పెద్దమ్మ షెడ్డు పెత్తనం తీసుకుంది. ఆమె ముందు ఎవరి పప్పులూ ఉడకవు. బావగారు ట్రంకుపెట్టెల బోర్డు దించి గొట్టాల బోర్డు పెట్టాడు. బేకరీకి రెండో పొయ్యి వచ్చింది. దాని దగ్గర సగం రోజు వదినే నిలబడేది.

ఒకసారి ఏటి అవతలి ఊరి నుంచి కొందరు చూడటానికి వచ్చారు. గదులు తిరిగి, గొట్టాలు తడిమి, ఇది ఎవరి ఆలోచనని అడిగారు. బావగారు తమ్ముణ్ణి చూశాడు. తమ్ముడు నేల చూశాడు. బాబాయే గొంతు సవరించుకున్నాడు.

“దారి నేను చెప్పాను. రేకు ఈయన వంచాడు. కానీ మేమిద్దరం ఇన్నేళ్ళుగా ఈ బజార్లోనే ఉన్నాం. నా వేడి పొగగొట్టంలో పోయింది, ఈయన సుత్తి తుప్పు పట్టింది. ఒకరి దగ్గరికి ఒకరం పోలేదు. ఈ అమ్మాయి వచ్చి అడిగింది. కుదరదన్నాక కూడా అడిగింది.”

వదిన సిగ్గుపడి, టీ తెస్తానని లోపలికి వెళ్ళిపోయింది.

అవతలి ఊళ్ళో బేకరీ లేదు, ఇటుకల బట్టీ ఉంది. వాళ్ళకు చెడిపోయేది మిరప కాదు, పసుపు. పిలిచారని వదిన తన భర్త ఆటోలో వెళ్ళింది. బట్టీ యజమాని ఆమెను అనుమానంగానే చూశాడు. గొట్టం ఎంత పొడవు ఉండాలో చెప్పమన్నాడు. ఆమె జవాబు చెప్పకుండా పసుపు ఉడకబెట్టే ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఎప్పుడు ఉడకబెడతారు, ఎక్కడ పోస్తారు, వాన వస్తే ముందు ఏది పాడవుతుంది అని ఒక్కొక్కటీ అడిగింది. వాళ్ళు మొదట మొహమాటపడ్డారు, తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. ఎండ వాలేదాకా వింది. వాళ్ళలోనే ఒకామె బట్టీకి దక్షిణాన ఖాళీ చోటు చూపించి, గాలి ఎప్పుడూ అటే పోతుందని చెప్పింది.

“అయితే గది అక్కడే” అంది వదిన లేచి చీర దులుపుకుంటూ. “నువ్వు కూడా రా, గుంజలు ఎక్కడ పాతాలో చూద్దాం.”

బట్టీ యజమాని వాళ్ళిద్దరి వెనకే పార పట్టుకుని నడిచాడు.