తాళాలు ఎవరి చేతికి

ఇంగ్లండులోని సండర్లాండ్‌లో ఊరి కౌన్సిల్ అద్దెకిచ్చే ఆ పన్నెండంతస్తుల భవనానికి మరమ్మతులు చేయించమని ఏళ్ల తరబడి అర్జీలు పెట్టినవాళ్లలో లినెట్ ముందుండేది. గోడల నిండా నల్లటి బూజు, కిటికీలు మూసినా ఆగని సముద్రపు గాలి, నెలలో సగం రోజులు కదలని లిఫ్టు. చివరికి కౌన్సిల్ దిగొచ్చింది. కాంట్రాక్టరును ఎంపిక చేసే కమిటీలో అద్దెకుండేవాళ్లకు రెండు కుర్చీలు ఇచ్చింది. ఒకటి లినెట్‌ది. రెండోది నాలుగో అంతస్తులో ఉండే విల్ఫ్‌ది. ఆయన ఓడలు కట్టే యార్డులో నలభై ఏళ్లు వెల్డింగ్ చేసి రిటైరైన ముసలాయన.

సోమవారం పొద్దున కింది హాల్లో కూర్చున్నారు. మొదటి కంపెనీ వాళ్లు వచ్చి వెళ్లారు. రెండోది క్రాగ్‌మోర్. సూట్లు వేసుకున్న ఇద్దరు మాట్లాడుతుండగా మూడో మనిషి తలుపు తోసుకుని వచ్చాడు.

"సారీ అండీ, కారు పెట్టడానికి చోటు దొరకలేదు."

ఆ గొంతు ఎవరిదో లినెట్‌కు తల ఎత్తకుండానే తెలిసిపోయింది. డెరిక్ స్టబ్స్. పదకొండేళ్ల క్రితం ఆమె చెయ్యి విరగ్గొట్టి ఎనిమిది నెలలు జైల్లో ఉన్న మొగుడు. అతను లోపలున్నప్పుడే ఒక్క సంచీతో ఊరు దాటింది. ఇంటిపేరు మార్చుకుంది. అప్పటి నల్లటి జడ లేదు, నెరిసిన పొట్టి జుట్టుంది, కళ్లద్దాలున్నాయి. పేరు మాత్రం పాతదే. ముందున్న అట్టముక్క మీద పెద్దక్షరాల్లో ఉంది. బిస్కెట్ల పళ్లెం లాక్కుంటున్నట్టు దాన్ని అట్ట మీదికి జరిపింది.

"సైట్ మేనేజర్ని నేనే," అంటున్నాడు డెరిక్. "ఫ్లాటుకి ఐదు వారాలు. అన్ని తాళాలూ నా దగ్గరే ఉంటాయి. ముసలివాళ్లు, ఒంటరి ఆడవాళ్లు తలుపు తీయడానికి భయపడతారండీ. వాళ్లతో ఎలా మాట్లాడాలో నాకు బాగా తెలుసు."

కౌన్సిల్ ఆఫీసరు ఇమోజెన్ టిండల్ మెచ్చుకోలుగా తలూపి రాసుకుంది.

తర్వాతి ప్రశ్న లినెట్ అడగాలి. నోరు విప్పితే అయిపోయినట్టే. కాగితం విల్ఫ్ వైపు తోసింది. ఆయన ఆమె మొహం చూసి తనే చదివాడు.

మూడో కంపెనీ కూడా వెళ్లాక మార్కులు వేశారు.

"లినెట్ గారూ, క్రాగ్‌మోర్‌కి అన్నీ సున్నాలేనా?" టిండల్ ఆశ్చర్యపోయింది. "కారణం రాయాలండీ. రేపు వాళ్లు అడిగితే చూపించాల్సిన కాగితమిది."

రాస్తే ఆ కాగితం డెరిక్ చేతికి వెళ్తుంది. రాయకపోతే తాళాలే వెళ్తాయి. లినెట్ లేచి బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. ఈ రాత్రికే ఏ బస్సెక్కాలా అని ఆలోచించసాగింది.

తలుపు మీద మెల్లగా చప్పుడైంది. విల్ఫ్ గొంతు. "ఏం తల్లీ, ఒంట్లో బాగాలేదా?"

మూసిన తలుపు ఇవతలి నుంచే చెప్పింది. పదకొండేళ్లలో అక్కకు తప్ప ఎవరికీ చెప్పని మాట. అవతల విల్ఫ్ గొంతు తగ్గించాడు.

"నీ పేరెందుకు రాయడం? గోల నేను చేస్తాగా. యార్డులో యూనియన్ నడిపినవాణ్ణి."

ఇద్దరూ హాల్లోకి తిరిగొచ్చాక చేశాడు కూడా. తాళం ముట్టుకునే ప్రతివాడి పోలీసు రికార్డూ చూడాలన్నాడు. మూడు కంపెనీలకూ ఒకటే షరతన్నాడు.

"అది మా నిబంధనల్లో లేదండీ," అంది టిండల్.

"లేకపోతే రాయండి! మీ ఇంటి తాళం ఎవడో ముక్కూమొహం తెలియనివాడికి ఇస్తారా?"

టిండల్ లినెట్ వంక చూసింది. సున్నాల కాగితం పక్కకు పెట్టింది. పెన్ను తీసి షరతు రాసింది.

వెళ్లిపోయాడనుకున్న డెరిక్ బయట కారు పక్కన సిగరెట్ కాలుస్తున్నాడు. వాళ్లు అతని ముందునుంచే వెళ్లాలి. విల్ఫ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. దగ్గరికి రాగానే డెరిక్ సిగరెట్ కింద పడేశాడు.

"మిమ్మల్ని ఇంతకుముందు కూడా ఎక్కడో చూసినట్టుందే, మేడమ్?"

లినెట్ ఆగిపోయింది.

"ఎంత అరిచినా లాభం లేదు బాబూ," అన్నాడు విల్ఫ్. "మా మరదలికి పుట్టు చెవుడు. పదమ్మా, టీ చల్లారిపోతుంది."

పది అడుగులు నడిచారు. వెనక నుంచి "లిన్!" అని గట్టి కేక. ఆమె తిరగలేదు. విల్ఫ్ వేళ్లు ఆమె చేతిని నొప్పి పుట్టేలా నొక్కాయి. ఆ అరుపు తన చెవుల్లోనే పుట్టిందా, అతనే అరిచాడా అని తర్వాత అడిగితే, "గాలి హోరులో నాకేం వినపడలేదు తల్లీ," అన్నాడాయన. అది నిజమో కాదో ఆమెకు తెలియలేదు.

మూడు వారాలు తలుపు వెనక కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకుంది. ఆ తర్వాత ఉత్తరం వచ్చింది. కాంట్రాక్టు క్రాగ్‌మోర్‌కే. కాకపోతే రికార్డుల పరీక్ష తర్వాత సైట్ మేనేజర్ని మార్చారు. కొత్తావిడ పేరు నోరీన్. ఏప్రిల్‌లో ఆవిడ బెల్లు కొడితే, గొలుసు వేసిన తలుపు సందులోంచి గుర్తింపు కార్డు రెండుసార్లు చూసింది లినెట్.

"తొందరేం లేదమ్మా, ఫోన్ చేసి కనుక్కోండి. నేనిక్కడే నిలబడతా," అంది నోరీన్.

బూజు పోయింది. కిటికీలు మారాయి. డెరిక్ మళ్లీ కనపడలేదు. అయినా పనులు నడిచినన్నాళ్లూ లినెట్ ఒంటరిగా వీధిలోకి వెళ్లలేదు. శనివారాలు విల్ఫే సంచీ పట్టుకుని వెంట వచ్చేవాడు. డెరిక్ మాట ఒక్కసారి కూడా ఎత్తకుండా, దారి పొడుగునా బంగాళాదుంపల ధర గురించి సణుగుతూ నడిచేవాడు.