నల్లకారు వెనక సీటు

తుప్పు పట్టిన పిన్ను ఒక పట్టాన ఊడి రావటం లేదు. మేస్త్రీ ప్లయరు కొసను దాని కిందికి దూర్చి, మణికట్టు తిప్పి, ఓపిగ్గా పైకెత్తాడు. పిన్ను టక్కున లేచి రేకు డబ్బాలో పడింది. ఆయన తర్వాతి పిన్ను మీదికి వంగాడు. అదొక బస్సు సీటు. చిరిగిన రెగ్జిన్ ఒలిచేసి కొత్తది తొడగాలి. పొద్దున్నే షెడ్డు తలుపు తీసి కాళ్ల మధ్య ఏదో ఒక సీటు పెట్టుకుని కూర్చోకపోతే ఆయనకి తెల్లారినట్టే ఉండదు.

అందరూ ఆయన్ని సీట్ల మేస్త్రీ అనే పిలుస్తారు. సన్నటి మనిషి. వంగి వంగి వీపు గూనిపడింది. కుడిచేతి చూపుడువేలు సూది ఎటు వంగితే అటే వంగి, అలాగే ఉండిపోయింది. గోళ్ల సందుల్లో ఎండిన జిగురు ఎంత రుద్దినా పోదు. పోగొట్టాలని ఆయనా పెద్దగా ప్రయత్నించలేదు.

ఆయన వెనకగా, ఎత్తు పీట మీద రెండు దిండ్లు వేసుకుని, భార్య కూర్చుని ఉంది. ఒళ్లో మైనం ముద్ద. దారాన్ని దాని మీద అదిమిపట్టి ఒక్క లాగు లాగుతుంది. మైనం పట్టిన దారం గట్టిపడుతుంది, నీళ్లు తాగదు, తోలులోంచి నున్నగా జారుతుంది. పెళ్లయిన కొత్తలో ఊసుపోక మొదలుపెట్టిన పని అది. ఆనాటి నుంచి ఆయన తల తిప్పకుండా చెయ్యి వెనక్కి చాపటం, ఆమె అందులో దారం పెట్టటం అలవాటైపోయింది. మాటలతో పని లేదు. ముద్దలు కరిగి అరిగి మారుతూనే ఉన్నాయి గానీ, ప్రతి ముద్దకీ ఒక పక్కన దారం కోసిన గాట్లు, రెండో పక్కన ఆమె బొటనవేలు నొక్కిన గుంట ఉండేవి.

ఆ షెడ్డులో ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఆమె కూర్చుని చూడందే సీటు గడప దాటదు. కుట్టు ముగిశాక మేస్త్రీ సీటును బల్ల మీద పెట్టి పక్కకు తప్పుకుంటాడు. ఆమె వచ్చి కూర్చుని, అటూ ఇటూ కదిలి, వీపు ఆన్చి, కళ్లు మూసుకుని, నచ్చితే "ఊఁ" అంటుంది. నచ్చకపోతే ఏమీ అనదు. ఏమీ అనకపోతే మేస్త్రీ నోరెత్తకుండా కుట్లు విప్పుతాడు. మంత్రుల కార్లు, డాక్టర్ల కార్లు, పెళ్లికొడుకుల్ని ఊరేగించే కార్లు, అన్నింటి సీట్లలోనూ ఆవిడ వాళ్లకంటే ముందే కూర్చుంది. ఏ కారులోనూ ఒక్క అడుగు దూరం పోలేదు. ఆ మాట ఆవిడే చెప్పి నవ్వేది.

ఇప్పుడు ఆవిడ ఎక్కడా కూర్చోలేకపోతోంది. జబ్బు వెన్నెముకలోకి పాకింది. బస్సు గతుకు తగిలితే ప్రాణం నోట్లోకి వస్తుంది. బావమరిది తన చిన్న కారులో ఒకసారి ఆస్పత్రికి తీసుకెళితే, దారిలో ఆమె పెదవి కొరుక్కుని రక్తం కారేలా చేసుకుంది గానీ అబ్బా అనలేదు. ఆమెకున్న కోరిక ఒక్కటే. సముద్రం పక్కన ఉండే అక్కను ఒకసారి చూడాలి. ఆ అక్క మంచం దిగలేని మనిషి, కాబట్టి ఈవిడే వెళ్లాలి. ఒక పూట ప్రయాణం.

అందుకే మేస్త్రీ పాత పెద్ద కారు కొనాలని పట్టుబట్టాడు. ఒకప్పుడు పెద్ద పెద్దవాళ్లు ఎక్కి తిరిగి, ఇప్పుడు అడిగే దిక్కు లేక యార్డుల్లో పడి ఉన్న కార్లలో ఒకటి. కొత్త చిన్న కారు కొనే స్తోమత తనకి లేదు, ఉన్నా దాని సీటు చెక్కబల్లే. పాత పెద్ద కారులో అయితే లోతైన స్ప్రింగుల మీద మనిషిని పరుపు మీద పడుకోబెట్టినట్టు తీసుకెళ్లొచ్చు. ఇంట్లో ఉన్నదంతా ఊడ్చిపెడితే అలాంటిది ఒకటి వస్తుంది. తప్పుగా ఎంచుకుంటే రెండోదానికి ఏమీ మిగలదు.

ఇంకో సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. కిందటిసారి ఆస్పత్రి వరండాలో డాక్టరు ఆయన్ని పక్కకు పిలిచి, ఎక్కడికైనా తీసుకెళ్లాలని ఉంటే ఆలస్యం చెయ్యొద్దన్నాడు. ఏమన్నాడని ఆమె అడిగితే, నెమ్మదిగా తగ్గుతుందట అని చెప్పి మొహం చాటేశాడు.

ఆ పొద్దున బావమరిది వచ్చాడు. ఇంజన్ల మెకానిక్కు. మనిషి రాకముందే మాట వస్తుంది. వస్తూనే, కారు పెళ్లిచూపులకి బస్సు సీటును వెంటేసుకుని వస్తావా ఏంటి బావా అని ఎగతాళి చేశాడు. పీట మీదున్న అక్కను రెండు చేతుల మీదా ఎత్తినట్టే తన కారు దాకా నడిపించి, దిండ్లు సర్ది, దారంతా గుంటలు తప్పించుకుంటూ నత్తనడకన పోనిచ్చాడు.

యార్డు ఊరి చివర, రైలు పట్టాల వెనక. వరసలు వరసలుగా కార్లు, వాటి మధ్య మోకాలెత్తు గడ్డి. యార్డు ఆసామి బొజ్జ మీద చేతులు కట్టుకుని ఎదురొచ్చి, రెండు కార్లు చూపించాడు. ఒకటి గోధుమరంగుది, ఒకటి నల్లది. ధర దాదాపు ఒకటే. రెండింటిలోనూ ఎవరెవరు ఊరేగారో చెప్పటం మొదలుపెట్టాడు గానీ, వినే నాథుడు లేడు.

బావమరిది గోధుమరంగు కారు బానెట్ ఎత్తాడు. మేస్త్రీ వెనక తలుపు తెరిచాడు. కారు చూడటమంటే ఆయనకి అదే. మోకాలు ఆన్చి, బొటనవేలితో సీటు అంచు నుంచి మధ్య దాకా నొక్కుకుంటూ పోయాడు. తోలు రంగు వెలిసింది గానీ ఎక్కడా పెళుసెక్కలేదు. నొక్కిన ప్రతిచోటా స్ప్రింగు నెమ్మదిగా దిగి నెమ్మదిగా లేచింది. ఎవడు కుట్టాడో మహానుభావుడు, ఒక్క కుట్టు కూడా తప్పలేదు. ఆయన గుండె తేలికపడింది.

అంతలో ఇంజను దగ్గి నల్లటి పొగ వదిలింది. బావమరిది పెదవి విరిచాడు. మహా అయితే ఒకసారి సముద్రం దాకా పోయి వస్తుందనీ, తర్వాత మంచమెక్కుతుందనీ తేల్చాడు. నల్లదాన్ని స్టార్ట్ చేస్తే అది నడుస్తోందో లేదో చెయ్యి పెట్టి చూసుకోవలసినంత నిశ్శబ్దంగా ఉంది. దాని వెనక తలుపు తీస్తే మాత్రం ఎలుకల కంపు గుప్పుమంది. తోలు చీలికలు పేలికలుగా వేలాడుతోంది. స్పాంజి పిండి అయింది. స్ప్రింగులు పైకి పొడుచుకొచ్చాయి.

"ఇంకేం ఆలోచన బావా? నల్లది తీసుకో. ఇంజను బంగారం. సీట్లంటావా, నీ చేతిలో పనేగా."

చిన్నపిల్లాడికైనా తోచే మాట అది. మేస్త్రీ నీళ్లు నమిలాడు. వేళ్లు నొప్పులన్నాడు. ఇప్పుడు మంచి తోలు దొరకటం లేదన్నాడు. నల్ల రంగు ఎండకి వేడెక్కుతుందన్నాడు. ఇన్నేళ్లలో సీటు కుట్టటానికి బావ వెనకాడటం ఎప్పుడూ చూడని బావమరిది తెల్లమొహం వేశాడు. నల్లదాని సీట్లు సరిచెయ్యాలంటే రెండు మూడు నెలలు పడుతుంది. ఆ రెండు మూడు నెలలు ఉన్నాయో లేవో అని ఎలా చెబుతాడు? పక్కనే ఆమె నిలబడి ఉంది.

"నన్ను కూర్చోనివ్వండి," అంది ఆమె.

గోధుమరంగు కారులో ఆమెను కూర్చోబెట్టారు. ఆమె అటూ ఇటూ కదలలేదు, కదిలే ఓపిక లేదు. వీపు ఆన్చి కళ్లు మూసుకుంది. నుదుటి మీద ఎప్పుడూ ఉండే ముడత మెల్లగా విడిపోయింది. "ఊఁ" అంది.

మేస్త్రీకి ఏనుగెక్కినంత సంబరమైంది. రేపు పొద్దున్నే బయల్దేరదామన్నాడు. బావమరిదిని బేరమాడమని పంపి, తను ఇటు తలుపు తీసుకుని ఆమె పక్కన కూర్చున్నాడు. అద్దంలోంచి ఎదురుగా గడ్డి, దాని వెనక రైలు పట్టాలు కనిపిస్తున్నాయి. ఆమె కళ్లు తెరవకుండానే ఆయన చెయ్యి పట్టుకుంది.

"నల్లదే తీసుకోండి."

"బాగుందన్నావు కదే."

"బాగుంది. అయినా నల్లదే తీసుకోండి." కాసేపు ఊపిరి కూడగట్టుకుంది. "డాక్టరు మీతో ఏం చెప్పాడో నాకు తెలుసు. మీరు అబద్ధమాడితే మైనం పట్టని దారంలా మీ గొంతు మధ్యలోనే పట్టేస్తుంది."

మేస్త్రీ తల దించుకుని సీటు అంచు కుట్టును వేలితో తడిమాడు.

"ఇది కొంటే రేపే వెళ్తాం. అక్కను చూసొస్తాం. ఆ తర్వాత ఇది మూలపడుతుంది, నేను పోతాను. మీరేం చేస్తారు? నాలుగు బస్సు సీట్లు ముందేసుకుని గోడ చూస్తూ కూర్చుంటారు. నల్లదైతే చేతినిండా పని. చేతిలో పనుంటే మీరు తింటారు, నిద్రపోతారు. మీ సంగతి నాకు తెలీదా?"

"నువ్వు లేకుండా నాకు కారెందుకే?"

"కుట్టటానికి," అంది ఆమె. పెదవుల చివర నవ్వు కదిలింది. "మా అక్క ఎక్కడికీ పోదు. తొందరగా కుట్టండి, చూద్దాం."

ఆయనకి ఏడుపు ముంచుకొచ్చింది. అప్పటికప్పుడు ఆ గోధుమరంగు కారును తోసుకుంటూ అయినా సముద్రం దాకా పోదామనిపించింది. కానీ ఆమె ఏమీ అడగని మనిషి. అడిగిన ఒక్కటీ తనకోసం కాదు, ఆయనకోసం. కాదనటం ఆయన వల్ల కాలేదు.

నల్లకారు మధ్యాహ్నానికి షెడ్డు ముందుకొచ్చింది. బావమరిది వెనక సీటు విప్పదీయించి, దాన్ని షెడ్డులో నేల మీద పెట్టించి, ఇప్పటికైనా దారికొచ్చావు బావా అని వీపు చరిచి వెళ్లిపోయాడు. బస్సు సీటు మూలకు పోయింది. మేస్త్రీ లెక్క మేస్త్రీకి ఉంది. ముందు సీట్లు ఏమైపోయినా పరవాలేదు. వెనక సీటులో కూడా ముందు ఎడమ సగం చాలు. ఆమె కూర్చునే సగం. అది ఈ రోజే అయితే, కుడి సగం అలా స్ప్రింగులతోనే ఉంచి, రేపు బయల్దేరిపోవచ్చు.

అలా పని చేసి ఎన్నేళ్లయిందో. పాత తోలు కోసి పారేశాడు. ఎలుకల గూడు దులిపాడు. వదులైన స్ప్రింగుల్ని ఒకదానికొకటి బిగించి కట్టి, పైన గోనెపట్టా పరిచి, స్పాంజి రెండు పొరలు అతికించాడు. తోలు ఏదని ఆమె అడగలేదు, అటక వైపు చూసింది. ఎప్పుడో ఒక పెద్దాయన కారుకి కుట్టగా మిగిలిన ముదురు ఎరుపు తోలు అక్కడ చుట్ట చుట్టి ఉంది. మంచి రోజు కోసం దాచినది. మేస్త్రీ దాన్ని దించి, తడిగుడ్డతో తుడిచి, చాక్‌పీసుతో గీతలు గీసి కోశాడు. ఆమె పీట మీదే ఉంది. లోపల పడుకోమంటే తల అడ్డంగా ఊపింది. ఆయన చెయ్యి వెనక్కి చాపేవాడు. ఆమె దారం పెట్టేది. సూది పోట్లకి ఆయన వేళ్ల కొసలు ఎర్రబడ్డాయి. వేళ్ల నొప్పులు అబద్ధమని పొద్దున అనుకున్నాడు గానీ, సాయంత్రమయ్యేసరికి నిజమేనని తేలింది.

వాకిట్లో ఎండ గోడెక్కే వేళకి ఎడమ సగం అయింది. మేస్త్రీ లేచి, ఆమెను పీట మీంచి మెల్లగా దించి, ఆ సగంలో కూర్చోబెట్టాడు. వెనక ఆనుకునే భాగం గోడకి చేర్చి పెట్టి, దాని మీద దిండు వేశాడు. తను పక్కకు తప్పుకుని నిలబడ్డాడు. ఏ పెద్ద కారు యజమాని ముందూ అంత భయంగా నిలబడలేదు ఆయన.

ఆమె వీపు ఆన్చింది. కళ్లు మూసుకుంది. చాలాసేపు ఏమీ అనలేదు. కుట్లు విప్పాలేమోనని మేస్త్రీ కత్తెర వైపు చూశాడు.

"ఊఁ," అంది ఆమె.

"అయితే రేపు వెళ్దాం. దీని కుడి అంచు ఒక్కటి మడిచి కుట్టేస్తాను, ఊడిపోకుండా," అని ఆయన ఉత్సాహంగా, ఆమె తన వెనకపక్క ఉండేలా, మళ్లీ నేల మీద చతికిలబడి, రెండు సగాలూ కలిసేచోట సూది గుచ్చాడు. ఆమె ఒళ్లోని మైనం ముద్దను చేతిలోకి తీసుకోవటం, దారం దాని మీద సర్రుమనటం విన్నాడు. కుడుతూ కుడుతూ ఆమెకి దారి సంగతులు చెప్పాడు. ఎక్కడ ఆగి టీ తాగాలో, అక్క తలుపు తీయించి కారు చూస్తే ఏమంటుందో చెప్పాడు. సూదిలో దారం అయిపోయింది. చెయ్యి వెనక్కి చాపాడు.

చెయ్యి ఖాళీగానే ఉంది.

ఆయన వెంటనే తిరగలేదు. తిరిగితే ఏం కనిపిస్తుందో ఆ చేతికి ముందే తెలిసిపోయింది. అలా కాసేపు చాచి ఉంచి, తర్వాత దించి, లేచాడు. ఆమె కళ్లు మూసుకునే ఉంది. నుదుటి మీద ముడత లేదు. ఎంతో దూరం ప్రయాణం చేసి నిద్రపోతున్న మనిషిలా ఉంది. ఆయన పిలవలేదు. వెళ్లి ఆమె పక్కన, రెండో సగంలో, స్పాంజి లేని స్ప్రింగుల మీద కూర్చున్నాడు. అవి గుచ్చుకుంటున్నా కదలలేదు. ఆమె చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని అప్పుడు ఏడ్చాడు. గోధుమరంగుది కొని యార్డు నుంచే బయల్దేరి ఉంటే ఈ పాటికి సముద్రం దారిలో ఉండేవాళ్లమని ఏడ్చాడు. ఆమె మాట విన్నందుకు ఏడ్చాడు, విననంటే ఆమె ఎంత బాధపడేదోనని ఏడ్చాడు.

వాకిట్లో నల్లకారు వెనక తలుపు తెరిచే ఉంది. బావమరిదికి కబురు చెప్పాలి, ఆ అక్కకు చెప్పాలి. ఆ తర్వాత ఏదో ఒక పొద్దున లేచి, ఈ షెడ్డు తలుపు తీసి, కుడి సగం ముందు కూర్చోవాలి. తప్పదు. అందుకే కదా ఆమె ఈ కారు కొనిపించింది.

ఎర్ర తోలు మీద, ఆమె చీర కుచ్చిళ్ల పక్కన, మైనం ముద్ద జారిపడి ఉంది. సగం లాగిన దారం ఇంకా దాని గాటులోనే ఉంది, పైన ఆమె బొటనవేలి గుంట ఉంది.