లారీలు ఆగని బొటనవేలు

ఉత్తరపు కొండల్లోని ఉకియా ఊరి బడి వంటింట్లో పొద్దున్నే రెండు పెద్ద గిన్నెల్లో పాలు కాచేవాళ్ళు. సెల్మీరా తోలాబా పిల్లలకు రొట్టెలు లెక్కపెడుతూ, ఎడమచేతి బొటనవేలు పైకెత్తి పట్టుకునేది. పాలు అంచుదాకా వచ్చి అక్కడే నిలబడేవి. ముప్పై నాలుగేళ్ళలో ఆ పొయ్యి మీద ఒక్క చుక్క పొంగలేదు. కొత్తగా వచ్చిన పంతులమ్మ ఒకసారి, "మంట తగ్గిస్తే సరిపోదా?" అని అడిగింది.

"తగ్గిస్తే ఆలస్యమవుతుంది" అంది సెల్మీరా. ఆ వేలి గురించి అంతకుమించి మాట్లాడుకోవాల్సింది ఎవరికీ కనిపించలేదు.

అన్న దమాసోకి మాత్రం ఆ వేలు పాలకంటే వడగళ్ళకు ఎక్కువ అవసరం. వేసవిలో కొండ మీద మబ్బు నల్లబడగానే, "చెల్లీ, రా!" అని కేక వేసేవాడు. ఆమె మొక్కజొన్న చేను గట్టు మీద నిలబడి వేలెత్తేది. మబ్బు కాసేపు గొణిగి పక్క లోయకు పోయేది. అందుకని యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా ఆమె వేసవిలో ఊరు కదల్లేదు. సముద్రం ఎలా ఉంటుందో తెలియదు.

బడి పని మానేసిన రోజు భోజనాల దగ్గర చెప్పింది.

"ఉష్వాయా పోతాను. రోడ్డు ఎక్కడ అయిపోతుందో చూసొస్తాను."

దమాసో నవ్వాడు. "దేశానికి దక్షిణపు చివర! బస్సు టికెట్టు కొనాలంటే నీ పింఛను పక్కనున్న తిల్కారా దాకా కూడా చాలదు."

"టికెట్టెందుకు? వీపున సంచీ వేసుకుని, వేలెత్తి లిఫ్టు అడుక్కుంటూ కుర్రకారు రోజూ మన గుమ్మం ముందు నుంచే పోతున్నారుగా."

"వాళ్ళకి ఇరవయ్యేళ్ళు. నిన్నెవడు ఎక్కించుకుంటాడు? సరే విను. కార్నివాల్ శనివారం మధ్యాహ్నం దయ్యాన్ని మట్టిలోంచి తవ్వి తీస్తాం కదా, ఆ వేళకి టికెట్టు కొనకుండా ఉష్వాయా చేరావా, చేనుకి వడగళ్ళ వలలు కట్టించుకుంటాను, నిన్ను మళ్ళీ పిలవను. చేరలేదా, వచ్చి చచ్చేదాకా గట్టు మీద నిలబడాలి."

"అందరి ముందూ అన్నావు" అంది వదిన ఇలారియా. "మాట తప్పితే ఈ చిచా కల్లు కుండ నీ నెత్తిన బోర్లిస్తాను."

దారిలో తెలిసింది అసలు సంగతి. ఆ వేలికి లారీలు ఆగవు. వడగళ్ళకు మనసు లేదు కాబట్టి మాట వింటాయి. డ్రైవర్లకు మనసుంది, అదే చిక్కు. గంటలకొద్దీ ఎండలో నిలబడితే ఎప్పుడో ఒకడు, పాపమనో, ఊసుపోకనో ఆపేవాడు. ఉల్లిగడ్డల బండిలో ఒకరోజు, తేనెపెట్టెల బండిలో రెండురోజులు, పోట్లాడుకుంటున్న కొత్త దంపతుల కారులో అరపూట. రాత్రి పెట్రోలు బంకు వెనక గుడారం, పొద్దున రొట్టె, మేకపాల జున్ను. అలా పదిహేను రోజుల్లో మూడు వేల కిలోమీటర్లు దిగింది.

పదహారో రోజు ఒరెస్తె ఆపాడు. మీసాలు నెరిసిన మనిషి, లారీ నిండా కిటికీ అద్దాలు, నేరుగా ఉష్వాయాకే. "మంగళవారం రాత్రికే ఉష్వాయా దీవి ముందున్న జలసంధి దాటేస్తాం పెద్దమ్మా" అన్నాడు. సెల్మీరా ప్రాణం లేచొచ్చింది.

ఆ రోడ్ల మీద పక్క సీటులో కూర్చున్నవాళ్ళు మాతే అనే ఆకు కషాయం కాచి డ్రైవరుకు అందించడం రివాజు. సెల్మీరా సొరబుర్రలో ఆకు నింపి, వేడినీళ్ళు పోసి, కొండల్లో అందరూ చేసినట్టే మొదటి గుక్క భూమితల్లికని కాళ్ళ దగ్గర వంచింది.

"ఏయ్! అది నా లారీ, మీ చేను కాదు!"

"భూమికి పొయ్యకుండా ఎలా తాగుతాను?"

"భూమి ఇంకా కింద ఉంది! మధ్యలో నేనున్నాను!"

ఆమె కాళ్ళ దగ్గర మూత పోయిన ఫ్యూజుల పెట్టె ఉంది. చిటచిటమంది. లారీ నాలుగుసార్లు దగ్గి, చెట్టూ చేమా లేని ఆ మైదానంలో ఆగిపోయింది.

లారీ బాగుచేసే సామాను వచ్చేసరికి రెండున్నర రోజులు పట్టింది. మొదటిరోజంతా ఒరెస్తె కాలిన తీగల్ని తిడుతూ గడిపాడు. రెండోరోజు ఆమె సంచీ సర్దుకుంటుంటే, "ఎక్కడికి?" అన్నాడు.

"నీకింకా నష్టం ఎందుకు? వేరే బండి చూసుకుంటాను."

"ఆ బండివాడు ఏం పాపం చేశాడు? ఇక్కడే ఉండు. నా దాంట్లో ఇక పాడవడానికి ఏమీ మిగల్లేదు."

ఆ ఆలస్యంతో జలసంధి చేరేసరికి శుక్రవారం పొద్దెక్కింది. గాలికి, లారీలు దాటించే పంటు పడవను కట్టేసి అప్పటికి రెండో రోజు. ఒడ్డు పొడవునా నలభై మూడు లారీలు. గాలికి ఎదురు ఎగరబోయిన సముద్రకాకులు వెనక్కి వెళ్తున్నాయి. రేవు అధికారి టోపీ రెండు చేతులతో పట్టుకుని, "ఆదివారం దాకా ఆశ పెట్టుకోవద్దు" అన్నాడు.

సెల్మీరా నీళ్ళ అంచుకు నడిచి, వేలెత్తింది.

గాలి ఆగింది. స్తంభం మీద జెండా తడిబట్టలా వేలాడింది. కాకులు ఒక్కసారిగా ముందుకు తూలాయి. అధికారి జెండా వైపు చూసి, టోపీ సర్దుకుని, పలక మీద 'రేవు తెరిచాం' అని రాశాడు.

పంటు సరంగు వచ్చి అడిగాడు. "ఎంతసేపు పట్టుకోగలవమ్మా?"

"ఎంతసేపు కావాలి?"

"లారీలన్నీ దాటాలంటే అయిదు దాట్లు. పోనూ రానూ ఆరేడు గంటలు."

ఒరెస్తె ఆమె చెవి దగ్గరికొచ్చాడు. "మొదటి పంటు ఎక్కేద్దాం. పంటు మీదే నిలబడి వేలెత్తుకో. ఆ ఒడ్డున దించెయ్. అద్దాల బరువుతో నా బండి మెల్లగా పోతుంది, ఇప్పుడు బయల్దేరితేనే రేపు మధ్యాహ్నానికి అందుకుంటాం."

సెల్మీరా లారీల వరుస చూసింది. "వీళ్ళలో పదకొండు మంది నన్ను చూసి కూడా ఆపకుండా పోయారు. బండ్లు గుర్తున్నాయి."

"మరింకేం! ఎక్కు."

"నేను దాటి వేలు దించితే వీళ్ళు ఆదివారం దాకా ఇక్కడే. వాళ్ళకీ ఇళ్ళున్నాయి కదా" అంది. అక్కడి నుంచి కదల్లేదు.

రెండో దాటుకి చెయ్యి బరువెక్కింది. ఒరెస్తె తిడుతూనే వచ్చి మోచేతి కింద భుజం పెట్టాడు. అతను అలిసిపోతే ఇంకొకడు, తర్వాత మరొకడు. వచ్చినవాడికల్లా ఒరెస్తె ఆమె పందెం సంగతీ, భూమికి పోసే మొదటి గుక్క సంగతీ చెప్పాడు; పంటుతో పాటు ఆ మాటలు అవతలి ఒడ్డుకీ చేరాయి. ఎవరో దుప్పటి కప్పారు. ఎవరో ఉడికించిన గుడ్లు ఒలిచి నోట్లో పెట్టారు. ఆఖరి పంటు ఎక్కేసరికి సాయంత్రం ఆరయింది. అవతలి ఒడ్డున దిగి ఆమె వేలు దించిందో లేదో, గాలి ఈడ్చి కొట్టింది. ఇక అందుకోలేమని ఆమెకు తెలుసు. ఒరెస్తెకూ తెలుసు.

కానీ ఆ ఒడ్డున లారీలు ఒక్కటీ కదల్లేదు. పొద్దున దాటినవి కూడా వరుసగా నిలబడి ఉన్నాయి. ఎర్ర లారీవాడు టోపీ తీసి ముందుకొచ్చాడు.

"పెద్దమ్మా, ఆరోజు ఆపకుండా పోయింది కావాలని కాదు. ఎండ కళ్ళల్లో పడి కనబడలేదు."

"ఆరోజు ముసురు పట్టింది నాయనా."

లారీలవాళ్ళందరూ ఘొల్లున నవ్వారు. వాడూ నవ్వి తలుపు తెరిచాడు.

ఆమె ఎవరి బండిలో పోవాలన్న దాని మీద చిన్న గొడవే జరిగింది. చివరికి పంచుకున్నారు. ఎర్ర లారీ దారి మధ్యలో వచ్చే పొరుగుదేశం చిలీ నేల దాటించి సరిహద్దు గేటు దగ్గర దించితే, అక్కడ చేపల బండి సిద్ధంగా ఉంది. చేపల బండివాడికి నిద్ర ముంచుకొచ్చే ఊళ్ళో కలప లారీవాడు ఇంజను ఆపకుండా కాచుకుని ఉన్నాడు. ప్రతి బండిలోనూ మొదటి గుక్క పొయ్యడానికి కాళ్ళ దగ్గర ఒక డబ్బాలో మట్టి పోసి ఉంచారు.

శనివారం పదకొండు దాటాక రోడ్డు అయిపోయింది. ఇక దారి లేదని చెక్క బోర్డు, దాని వెనక సముద్రం. సెల్మీరా చెప్పులు విప్పి నీళ్ళలోకి దిగి, కలప లారీవాడి ఫోన్ తీసుకుంది. అటువైపు డప్పులు మోగుతున్నాయి.

"చెల్లీ! దయ్యాన్ని ఇంకా తియ్యలేదు, గునపం ఇప్పుడే దించారు. ఎక్కడిదాకా వచ్చావు?"

"ఇంక పోవడానికి ఏమీ లేదన్నా."

దమాసో డప్పుల దగ్గర్నుంచి పక్కకు జరిగాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఎలా ఉంది?" అన్నాడు.

"చల్లగా ఉంది. ఉప్పగా కూడా ఉంది, చూశాను."

ఇలారియా ఫోన్ లాక్కుంది. "సోమవారమే వలలకు మనుషుల్ని పిలుస్తున్నాం. గుంజలు ఆయనే పాతాలి, నేను దగ్గరుండి పాతిస్తాను. నువ్వెప్పుడొస్తావు?"

"మొక్కజొన్న కోతలయ్యాక చూద్దాం వదినా."

మూడు రోజులు ఆ ఊళ్ళో తిరిగింది. అద్దాలతో ఒరెస్తె ఆదివారం మధ్యాహ్నానికి చేరాడు, ఒక్కటి కూడా పగల్లేదు. మంగళవారం పొద్దున ఊరి బయట రోడ్డు పక్కన సంచీ దించి నిలబడింది సెల్మీరా. ఈసారి వేలు ఎత్తలేదు. ఒక అట్టముక్క పట్టుకుంది. దాని మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: 'ఉత్తరం వైపు. తొందరేం లేదు.'

వచ్చిన మొదటి లారీ ఆగింది.