విప్పడానికి బిగించిన స్టాండు

పదహారు రోజుల ఆటల కోసం నాలుగేళ్ళు కట్టిన స్టేడియం అది. ఆటలైపోయాయి, వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోయారు, జెండాలు దించేశారు. ఆ మర్నాటి నుంచి ఊళ్ళో ఒకటే గోల. ఇంత పెద్ద దాన్ని ఇప్పుడేం చేసుకోవాలి? కూరగాయల మార్కెట్టు పెట్టమన్నాడు ఒకాయన. ఆసుపత్రి చెయ్యమన్నాడు ఇంకొకాయన. కచేరీలకు అద్దెకిమ్మని ఒకరు, కూల్చేసి ఇళ్ళు కట్టమని మరొకరు. కట్టే ముందు నోరు మెదపని పెద్దమనుషులంతా కట్టాక మాత్రం సలహాలకు లోటు రానివ్వలేదు.

నిజానికి జవాబు మొదటి రోజే కాగితం మీద రాసి ఉంది. కింది వలయం కాంక్రీటు, అది ఊరికి ఉండిపోతుంది. పై అంతస్తు మొత్తం ఇనుము, బోల్టులతో బిగించింది. ఆటలవగానే దాన్ని విప్పి, నాలుగు భాగాలు చేసి, నాలుగు చోట్ల చిన్న మైదానాలకు స్టాండ్లుగా నిలబెట్టాలి. అందులో ఒకటి బైపాస్ అవతలి కాలనీకి. స్టేడియం కోసం ఇళ్ళు ఖాళీ చేయించిన జనాన్ని తీసుకెళ్ళి పడేసింది ఆ కాలనీలోనే.

పై అంతస్తును బిగించిన ముఠాకు మేస్త్రి కూడా ఆ కాలనీ మనిషే. యాభై ఎనిమిదేళ్ళు, పొట్టిగా, బిగించిన నట్టులాగే ఉంటాడు. ఇప్పుడు టికెట్లు చింపే గేటున్న చోట ఒకప్పుడు ఆయన వంటగది ఉండేది. "మా ఆవిడ అన్నం వడ్డించిన చోటికి ఇప్పుడు టికెట్టు లేకపోతే నన్నే రానివ్వరు" అని నవ్వుతూ చెప్పుకునేవాడు. ఆ నవ్వు భార్యకు మాత్రం ఎన్నడూ నచ్చలేదు.

వాళ్ళ ఒక్కగానొక్క కూతురు కాలనీ బడిలో ఆటల టీచరు. మెడలో ఎప్పుడూ వేలాడే దాన్ని బట్టి పిల్లలంతా విజిల్ టీచరంటారు. బడి ఆవరణలో పిల్లలు వరసగా నిలబడితే వెనక్కి తిరిగే చోటుండదు. అందుకని పరుగు నేర్పేది బైపాస్ పక్క రోడ్డు మీద. కిందటేడు అక్కడే లారీ తగిలి ఏడో తరగతి పిల్లకు కాలు విరిగింది. ఆ పిల్లను చేతుల మీద మోసుకుంటూ ఆసుపత్రికి పరిగెత్తింది ఈవిడే. ఆ తరవాత ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. ఆవిడ గొంతు వినబడితే గుమాస్తాలు ఫైళ్ళ చాటున దాక్కునేదాకా తిరిగింది. చివరికి కాలనీ వెనక స్థలం చూపించారు, ఒక షరతు మీద. వానలు పడేలోపు స్టాండు వచ్చి నిలబడితే అది పిల్లల మైదానం. నిలబడకపోతే స్థలం, దాని మీద ఎప్పట్నుంచో కన్నేసిన గోదాముల వాళ్ళది. కాలనీ జనం ఆదివారాలన్నీ వంగి రాళ్ళేరి, ఆ నేలను అద్దంలా చదును చేసి పెట్టారు.

అలాంటి సమయంలో కాంట్రాక్టరు నుంచి ఫోను వచ్చింది.

"నువ్వు బిగించిందే కదా మేస్త్రీ, నీకన్నా ఎవరికి తెలుసు? సోమవారం నుంచి విప్పడం మొదలెట్టు."

పక్కనే ఉండి విన్న కూతురు చిన్నపిల్లలా గంతేసింది. "చూశావా నాన్నా! నీ చేత్తోనే విప్పి, నీ చేత్తోనే ఇక్కడ నిలబెడతావు!"

మేస్త్రికి నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. అవి విప్పితే వచ్చే బోల్టులు కావు. ఆ సంగతి భూమ్మీద ఇద్దరికే తెలుసు, ఆయనకూ ఆయన బావమరిదికీ.

తొమ్మిదేళ్ళ కిందట వేరే ఊళ్ళో ఒక ఆటల పోటీకి ఇలాంటి ఇనుప స్టాండే కట్టారు. మేస్త్రీ, ఆయన తమ్ముడూ కలిసి బిగించారు. ఆఖరి ఆటలో గెలుపు వచ్చేసరికి జనం ఒక్కసారిగా లేచి గెంతారు. ఆ కుదుపులకు నట్లు వదులై ఒక వరసంతా కూలింది. తమ్ముడు దాని కిందే నిలబడి మంచినీళ్ళు తాగుతున్నాడు. అన్నగారు శవం పక్కన కూర్చుని చుట్టూ నేల మీద పడున్న నట్లను ఏరి జేబులో వేసుకున్నాడు. ఆ వరస ఎవరు బిగించారో ఎవరూ అడగలేదు. అన్నదమ్ముల్లో ఎవరిదో ఆయనకూ గుర్తులేదు. గుర్తులేకపోవడమే ఆయన్ని ఎక్కువగా తినేసింది.

అప్పట్నుంచి ఆయనకు నట్టు మీద నమ్మకం పోయింది. ఈ స్టేడియం పని దొరికినప్పుడు, నక్షా మీద ప్రతి అతుకు దగ్గరా "వెల్డింగు చేయరాదు" అని ఎర్ర అక్షరాల్లో రాసి ఉండటం చూశాడు. చదువు రాక కాదు, చూసే చేశాడు. ఇంజనీర్లు మధ్యాహ్నం భోజనానికి వెళ్ళిన గంటలో, వెల్డరైన బావమరిదిని వెంటబెట్టుకుని, బిగించిన ప్రతి నట్టుకూ ఒక వెల్డింగు చుక్క పెట్టించాడు. ఆ పైన బూడిద రంగు పూసేశాడు. ఏడు నెలలు, రోజూ ఆ గంట. ఇద్దరూ అన్నం సాయంత్రానికి తినేవాళ్ళు.

"మరి విప్పేటప్పుడో బావా?" అని మొదటిరోజే అడిగాడు బావమరిది.

"విప్పేదెవడ్రా? మన ఇళ్ళు తీసుకునేటప్పుడు ఎన్ని మాటలిచ్చారు, ఒక్కటన్నా నిలబెట్టుకున్నారా? ఇంత కట్టుకున్నాక ఊడదీసి మన పిల్లలకిస్తారంటే నువ్వు నమ్ముతున్నావా?"

బావమరిది నమ్మలేదు. ఆ కాలనీలో ఆ రోజుకు నమ్మిన మనిషి ఒక్కరే, ఆవిడ మేస్త్రి కూతురు.

ఆటల ఆఖరి రోజున పై అంతస్తులో జనం గెంతుతుంటే మేస్త్రి కింద స్తంభానికి అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. స్తంభం వణకలేదు. ఈసారి కాపాడాన్రా అని తమ్ముడితో మనసులో చెప్పుకుని, ఎవరూ చూడకుండా ఏడ్చాడు. తొమ్మిదేళ్ళలో ఆయన కంటినిండా నిద్రపోయింది ఆ రోజే.

తీరా చూస్తే జీవితంలో మొదటిసారి పైవాళ్ళు ఇచ్చిన మాట మీద నిలబడ్డారు. దాన్నేమనాలి?

సోమవారం బావమరిదినీ, గ్రైండింగు మిషన్లనూ తీసుకుని పైకెక్కాడు. రంగు గీకి, వెల్డింగు చుక్కను అరగదీసి, అప్పుడు నట్టుకు స్పానరు వేశారు. కదిలింది. మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది.

"నిప్పులతో అతికించాం, నిప్పులతోనే ఊడదీస్తున్నాం. మనకి చన్నీళ్ళ పని ఎప్పుడు దొరుకుతుంది బావా?" అన్నాడు బావమరిది మొహం తుడుచుకుంటూ.

వారం రోజుల్లో రెండు వరసలు దిగాయి. ప్రతి దూలం మీదా మేస్త్రి తెల్లరంగుతో తనే అంకె వేశాడు, కాలనీలో ఏది ఎక్కడ నిలబెట్టాలో తెలియడానికి. సాయంత్రం ఇంటికెళితే కూతురు ఎన్ని దిగాయని అడిగేది. చెబుతుంటే ఆవిడ మొహం వెలిగిపోయేది. మేస్త్రికి కూడా ధైర్యం వచ్చింది. చేసిన తప్పు చేత్తోనే చెరిపేసుకోవచ్చు కాబోలనుకున్నాడు.

ఎనిమిదో రోజున, దింపిన ఇనుమును తనిఖీ చెయ్యడానికి అద్దాల ఇంజనీరు ఒకడు వచ్చాడు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు, కళ్ళద్దాలు ముక్కు మీద నిలవవు, మాట మెత్తన. దూలాలను కలిపే అతుకు పలకల ముందు గొంతుక్కూర్చుని బోల్టు రంధ్రం చుట్టూ వేలితో తడిమాడు.

"ఇక్కడ కాలినట్టుంది. ఏంటిది మేస్త్రిగారూ?"

"తుప్పు మచ్చ సార్" అన్నాడు మేస్త్రి. ఆ అబద్ధం ఆయన నోటికే చేదుగా తగిలింది.

ఇంజనీరు వాదించలేదు. నాలుగు పలకలు, పది బోల్టులు పరీక్షకు పట్టుకెళ్ళాడు. అయిదు రోజుల తరవాత వచ్చి మేస్త్రిని పక్కకు పిలిచాడు.

"ఎవరో ప్రతి నట్టుకీ వెల్డింగు పెట్టారు మేస్త్రిగారూ. ఈ రకం ఉక్కు కాలితే పెళుసైపోతుంది. రంధ్రాల చుట్టూ వెంట్రుకంత పగుళ్ళున్నాయి. మళ్ళీ బిగించి దీని మీద మనుషుల్ని కూర్చోబెట్టండని నేను సంతకం పెట్టలేను."

"బోల్టులు కొత్తవి వేస్తే?"

"పలకలే పాడయ్యాయి. దూలాల చివర్లు కూడా. మొత్తం తుక్కే."

"మొత్తమా?"

"మొత్తం." కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. "నట్టు ఊడకూడదని మంచికే చేసినట్టున్నారు పాపం. కానీ ఆఖరి రోజు జనం గెంతుతుంటే ఇది ఎందుకు కూలలేదో నాకు అర్థం కాలేదు. ఇంకో నాలుగు ఆటలు జరిగుంటే ఏమయ్యేదో."

కాపాడానని మేస్త్రి ఇన్నాళ్ళూ గుండెల్లో దాచుకున్న ఒక్క సంతోషం కూడా పోయింది. కాపాడలేదు. తమ్ముడిలాంటి వాళ్ళను వేలమందిని తన చేత్తో చావు అంచున కూర్చోబెట్టాడు.

ఆదివారం ఆ ఇంజనీరే కాలనీకి వచ్చాడు. రావలసిన పని లేదు, కాగితం పంపితే సరిపోయేది. చదును చేసిన నేల మీద జనం ముందు నిలబడి స్టాండు రాదని చెప్పాడు, కారణమూ చెప్పాడు, ఎవరు చేశారో తెలియదన్నాడు. జనంలో కలకలం లేచింది. విజిల్ టీచరు ముందుకొచ్చింది.

"ఎంతిచ్చారు సార్ గోదాముల వాళ్ళు?"

"అలా కాదండీ..."

"ఇంకెలా? బాగున్న ఇనుముని తుక్కని రాస్తే స్థలం వాళ్ళకెళ్తుంది. మాకు తెలీదనుకున్నారా? వెల్డింగు చేశారంట, ఎవరో తెలీదంట! అది కట్టింది మా నాన్న. ఒక్కో బోల్టూ ఆయన చేతిమీదుగా బిగిసిందే. నిన్ను ఊరికే వదలను, మీ పైవాళ్ళ దగ్గరకి రేపే వెళ్తాను. నీ ఉద్యోగం ఎలా ఉంటుందో చూస్తాను." జనం వైపు తిరిగి వెనకెక్కడో ఉన్న తండ్రిని వెతికింది. "నాన్నా, ఇలా రా. నువ్వే చెప్పు వీళ్ళకి. నువ్వు కట్టినదాంట్లో ఏం లోపముంది?"

జనం పక్కకు జరిగి దారిచ్చారు. ఆ పదడుగులూ నడవడానికి మేస్త్రికి తలప్రాణం తోకకొచ్చింది. లోపమేమీ లేదంటే సరిపోతుంది. కూతురి తల ఎత్తుగానే ఉంటుంది, ఈ కుర్రాడి బతుకు బుగ్గవుతుంది. ఇంజనీరు ఆయన వంకే చూస్తున్నాడు. ఆ రోజు తుప్పు మచ్చని ఎందుకన్నాడో అతనికి అర్థమైపోయింది. అయినా నోరు విప్పలేదు.

"ఆ అబ్బాయి చెప్పింది నిజమేనమ్మా" అన్నాడు మేస్త్రి. "వెల్డింగు పెట్టించింది నేనే. వద్దని రాసుంటే కూడా పెట్టించాను. మీ బాబాయి పోయాక నాకు నట్టు మీద నమ్మకం లేదు. విప్పి మనకిస్తారని కూడా నమ్మలేదు. అంతా నేనే చేశాను."

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. ముందు వరసలో ఉన్న ముసలామె, పొరుగింటావిడ, ఆదివారాలన్నీ నడుం పట్టుకుని రాళ్ళేరిన మనిషి, మెల్లగా అడిగింది.

"అయితే ఇంక పిల్లలకి మైదానం రాదా నాయనా?"

"రాదు పిన్నీ."

కూతురు తండ్రిని ఒక్కసారి చూసింది. ఇంజనీరు వైపు తిరిగి, "క్షమించండి" అని, పిల్లల్ని పిలుచుకుని వెళ్ళిపోయింది.

ఆ ఇంట్లో మాటలు కరువయ్యాయి. "నాతోనన్నా ఒక్క ముక్క చెప్పకూడదా?" అని భార్య ఒక్కసారి అడిగి, జవాబు కోసం ఆగకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. బావమరిది వచ్చి, పేరు తనది కూడా చెప్పమని అడిగి, వద్దనిపించుకుని వెళ్ళాడు. కాంట్రాక్టరు పని మాన్పించాడు. పై అంతస్తును గ్యాసు మంటతో కోసి ముక్కలు చేస్తున్నారని ఎవరో చెప్పారు. చదును చేసిన నేల చుట్టూ గోదాముల వాళ్ళు ముళ్ళతీగ కట్టారు. కూతురు బడికి వెళ్తోంది, వస్తోంది, తింటోంది. తండ్రి ఉన్న గదిలో మాత్రం ఉండటం లేదు.

పది రోజులకు, గుమ్మంలో చెప్పులేసుకుంటూ, వెనక్కి తిరక్కుండానే అంది.

"రేపు ఆరింటికి బైపాస్ మలుపు దగ్గరికి రా. పిల్లలు పరిగెడతారు. అక్కడ లారీలు ఆపే మనిషి లేడు."

ఆయన అయిదున్నరకే వెళ్ళి నిలబడ్డాడు. బాగా తెల్లవారింది. పిల్లలు దూరంగా చిన్నగా కనబడుతున్నారు. విజిల్ వినబడింది. అదే సమయానికి మలుపు మీదకు ఒక లారీ వచ్చింది. మేస్త్రి రోడ్డు మధ్యకు వెళ్ళి చెయ్యి ఎత్తాడు. లారీ కీచుమంటూ ఆగింది. దాని నిండా నరికిన ఇనుప దూలాలు. వాటి మీద తెల్లరంగు అంకెలు, ఆయన రాతే, సగానికి తెగి ఉన్నాయి.

పిల్లలు ఒకరి వెనక ఒకరు లారీ ముందు నుంచి పరిగెత్తుకుంటూ పోయారు. ఆఖర్న టీచరు పోయింది. తండ్రి పక్కనుంచే పోయింది, చూడలేదు.

"అయిపోయారా పెద్దాయనా? వెళ్ళనా?" అని డ్రైవరు కిటికీలోంచి కేకేశాడు.

"ఆగు బాబూ. మళ్ళీ ఇటే వస్తారు" అన్నాడు మేస్త్రి. కళ్ళ నీళ్ళకు రోడ్డు సరిగ్గా కనబడటం లేదు. ఎత్తిన చెయ్యి మాత్రం దించలేదు.