పొడి చదివే మనిషి

పిండిమర చెక్క తోమే తన మూడు సాండింగ్ మిషన్లనీ బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, పొడి పీల్చే వాక్యూమ్ గొట్టాన్ని ఒక్కోదాని తోకకీ తగిలించి చూస్తున్నాడు. గుండ్రటి మిషను పొడి కక్కే మూతి గొట్టంకంటే సన్నం. చదరపు మిషనుది గొట్టంకంటే లావు. బెల్టు మిషనుదైతే అసలు గుండ్రంగానే లేదు, ఎవరో పక్కనుంచి నొక్కేసినట్టు కోలగా ఉంది. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెదొక దారి అంటారు. ఇక్కడ మూడూ ఉలిపికట్టెలే. ఆయన గొట్టం కింద పెట్టి, ముక్కుకి కట్టుకున్న గుడ్డ మెడమీదికి లాక్కుని, కాసేపు దగ్గాడు.

పిండిమర అసలు పేరు ఆ షెడ్డులో జీతాల పుస్తకానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. బీరువాలూ మంచాలూ తలుపులూ చేసే ఆ రేకుల షెడ్డులో, వడ్రంగులు కోసి బిగించినదాన్ని నున్నగా తోమి పాలిష్ వాళ్ళకి అప్పగించడం ఆయన పని. ముప్పై ఒక్కేళ్ళుగా అదే పని, అదే మూల, అదే కిటికీ కింది బల్ల. సాయంత్రం బయటికొచ్చేసరికి కనురెప్పల దగ్గరనుంచి చెప్పుల దాకా తెల్లగా ఉంటాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. పిండిమర ఏ దొంగతనమూ చెయ్యకుండానే రోజూ ఇంటి గుమ్మం ముందు భుజాలు దులుపుకునేవాడు.

ఆ పొడే ఆయనకి చదువు. మిషను నడుస్తుంటే పొడి చేతిమీద ఎలా పడుతోందో చూసి చెక్క ఎక్కడిదాకా వచ్చిందో చెప్పేవాడు. ముతకగా, ముద్దగా రాలితే ఇంకా పై గరుకు పోలేదని. మెత్తగా పొగలా లేస్తే చాలు, ఆపమని. కళ్ళు మూసుకుని కూడా, ముంజేతి వెంట్రుకలమీద వాలే పొడిని బట్టి మిషను ఎత్తేసేవాడు. ఇన్నేళ్ళలో ఒక్క తలుపు పాడుచెయ్యలేదు. ఆ మాట ఆయన తనంతట తాను ఎవరితోనూ అనడు గానీ, ఎవరైనా అంటే కాదనడు.

పోయిన నెల డాక్టరు ఎక్స్‌రే వెలుగుకి పట్టి, రెండు ఊపిరితిత్తుల అడుగునా ఉన్న మసక చూపించి, ఇంక పొడిలో నిలబడొద్దన్నాడు. ఇవాళ ఆఖరి రోజు. దానికి పిండిమర పెద్దగా బాధపడలేదు. అరవై రెండేళ్ళు వచ్చాయి, ఎప్పుడో ఒకప్పుడు మానాల్సిందే. బాధ వేరే ఉంది. రేపటినుంచి ఆ బల్ల దగ్గర నిలబడేది ఆయన కోడలు.

కోడలు ఏడాదిగా అదే షెడ్డులో కుర్చీ కాళ్ళు చేత్తో రుద్దే పనిలో ఉంది. చెయ్యి మంచిది. బల్ల ఖాళీ అవుతోందని తెలియగానే ఎవరినీ అడక్కుండా వెళ్ళి యజమానిని అడిగేసింది. ఇంట్లో పిండిమర వద్దన్నాడు.

"మీరు ముప్పై ఏళ్ళు చేస్తే లేని తప్పు నేను చేస్తే వచ్చిందా మామయ్యా?" అంది.

"తప్పని కాదమ్మా. నా దగ్గు వినడంలేదూ నువ్వు?"

"వింటున్నాను కాబట్టే మిమ్మల్ని మానమంటున్నాం."

కొడుకు లారీమీద పదిరోజులకోసారి ఇంటికొస్తాడు. ఈ పిల్ల వచ్చిన ఎనిమిదేళ్ళలో ఇంట్లో దీపం వేసిందీ ఆర్పిందీ ఆమే. తన దగ్గుకి అర్ధరాత్రి లేచి నీళ్ళు కాచిచ్చిందీ ఆమే. కూతురు లేని లోటు అనే మాట ఆయన మరిచిపోయి చాలాకాలమైంది. అటువంటి పిల్ల గుండెల్లోకి తన మసకే దిగుతుందనుకుంటే ఆయనకి అన్నం సయించలేదు. మర్నాడు వెళ్ళి యజమాని ముందు నిలబడ్డాడు. కోత రంపం కింద ఊడవడానికి కొన్న వాక్యూమ్ ఒకటుంది, దాన్ని నా మిషన్లకి తగిలించుకుంటానన్నాడు. గొట్టాలు పెట్టుకుంటే పని కుంటుపడుతుందని యజమాని అనుమానం. చివరికి ఒక మాటకొచ్చాడు. "నీ ఆఖరి రోజున ఎనిమిది బీరువా తలుపులున్నాయి. ఆ గొట్టంతోనే సాయంత్రంలోపు అవగొట్టి చూపించు. అయితే ఆ వాక్యూమ్ నీ బల్ల దగ్గరే ఉంటుంది. కాకపోతే రంపం దగ్గరికి పోతుంది. మళ్ళీ అడగొద్దు."

అందుకే ఇవాళ ఎనిమిదిన్నరకల్లా ఆయన మూడు మూతులతో కుస్తీ పడుతున్నాడు.

సన్న మూతికి టేకు ముక్క ఒకటి లేతు మిషనుకి బిగించి, లోపలా బయటా తొలిచి, చిన్న చెక్క ఉంగరం చేశాడు. లావు మూతిలో గొట్టం వదులుగా ఆడకుండా, గొట్టం చివరికి పాత సైకిలు ట్యూబు ముక్క రెండు చుట్లు చుట్టాడు. కోల మూతికి ప్లాస్టిక్ పైపు ముక్క మరుగుతున్న నీళ్ళలో ముంచి, మెత్తబడగానే ఆ మూతికే తొడిగి నొక్కిపట్టుకున్నాడు. వేళ్ళు కాలాయి. "ఆ నీళ్ళు టీకి పెట్టినవి బాబాయ్," అన్నాడు మేస్త్రి వెనకనుంచి. మేస్త్రి ఆ షెడ్డులో వడ్రంగులందరికీ పెద్ద. పిండిమరకంటే పదేళ్ళు చిన్న. నోరు మాత్రం పెద్దది.

"టీ రేపు తాగుదువుగానిలే," అన్నాడు పిండిమర.

"రేపు నువ్వుంటావా పొయ్యడానికి?"

ఇద్దరూ నవ్వారు.

గొట్టం చెక్కమీద ఈడవకుండా పైదూలానికి తాడుతో వేలాడగట్టి, కోడల్ని పిలిచాడు. సాండ్ పేపరు అతికించడం చూపించాడు. మిషను అరికాలికి ఎనిమిది రంధ్రాలుంటాయి, కాగితానికీ ఎనిమిదుంటాయి. ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. కూర్చోకపోతే వాక్యూమ్ ఎంత పీల్చినా పొడి కిందే ఉండిపోతుంది. "చెవి పెట్టి విను. సరిగ్గా కూర్చుంటే ఊపిరి పీల్చినట్టుంటుంది. తప్పితే ఈల వేస్తుంది," అన్నాడు. ఆమె కావాలని ఒకసారి తప్పుగా అతికించి, ఈల విని, తల ఊపి, మళ్ళీ సరిగా అతికించింది. ఈ పిల్లకి పని చెప్పడం ఎంత సుఖమో అని ఆయన అనుకున్నాడు.

మొదటి తలుపు బల్లమీదికెక్కింది. ప్లైవుడ్‌మీద మంచి చెక్కపొర అతికించిన తలుపు. ఆ పొర పోస్టుకార్డుకంటే కాస్త మందం, అంతే. పిండిమర వాక్యూమ్ వేశాడు. మిషను వేశాడు. తోమడం మొదలుపెట్టాడు.

పొడి లేదు.

చేతిమీద ఏమీ వాలలేదు. కిటికీలోంచి పడే ఎండపట్టీలో ఏమీ లేవలేదు. మిషను తిరుగుతోంది, చెక్క వెచ్చబడుతోంది, కానీ పని జరుగుతున్న జాడే ఆయనకి దొరకలేదు. కాగితం అరిగిందేమో అనుకున్నాడు. మార్చాడు. పీల్పుకి మిషను పైకి లేచిపోతోందేమో అనుకున్నాడు. కాస్త నొక్కాడు. అనుమానం పెనుభూతమన్నారు. ఇంకాస్త నొక్కాడు. ఎండపట్టీ ఖాళీగానే ఉంది. ఎడమ అంచు దగ్గర మిషను ఎత్తేసరికి, రూపాయి బిళ్ళంత మేర పొర చిరిగి, కింది ప్లై పాలిపోయిన మొహంతో కనబడింది.

ఆయన మిషను ఆపాడు. వాక్యూమ్ ఆపలేదు. అది ఒంటరిగా గురకపెడుతూనే ఉంది. చుట్టూ రంపాలు నడుస్తున్నా తనవైపే అందరూ చూస్తున్నారనిపించింది. ముప్పై ఒక్కేళ్ళ పేరు ఆఖరి రోజు పదకొండింటికి పోయింది. సిగ్గుతో చెవులు కాలాయి.

మేస్త్రి వచ్చి చూశాడు. "దీన్ని లోపలి అడ్డపలకకి వాడేస్తాను. మారు తలుపుకి పొర అతికించి రెండింటికల్లా ఇస్తాను," అని తలుపు భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు. అతను వెక్కిరించి ఉంటే బాగుండేదని పిండిమరకనిపించింది.

రెండో తలుపు ఎక్కించి, ఆయన చెక్క ఉంగరం లాగేసి, గొట్టం ఊడదీశాడు. మిషను వేయగానే పాత స్నేహితుడిలా పొడి లేచింది. ముంజేతిమీద వాలింది. ఎండపట్టీ నిండింది. హమ్మయ్య అనుకున్నాడు. చెయ్యి దానంతటది తేలికైంది, ఎక్కడ ఎత్తాలో ఎక్కడ జరపాలో దానికే తెలిసింది. సగం తలుపు నిమిషాల్లో అయింది. ఇలాగే ఎనిమిదీ చేసిపడేసి, గొట్టంతోనే చేశానని చెబితే ఎవరు చూడొచ్చారు అని కూడా ఒక ఆలోచన వచ్చింది.

అప్పుడు తలెత్తాడు. కోడలు బల్లకి అవతల, నేర్చుకోవడానికి నిలబడినచోటే నిలబడి ఉంది. కదల్లేదు. ఆమె కనుబొమలు తెల్లగా అయిపోయాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆయనకి వినబడకుండా చిన్నగా దగ్గుతోంది.

పిండిమర మిషను ఆపేశాడు. గొట్టం అందుకుని మళ్ళీ తొడిగాడు. ఉంగరం ఒక పట్టాన ఎక్కలేదు.

"నాకు పొడి కనబడకపోతే ఎక్కడ ఆపాలో తెలియడంలేదమ్మా," అన్నాడు. ఆ షెడ్డులో ఇన్నేళ్ళలో పని తెలియడంలేదని ఆయన నోటివెంట రావడం అదే మొదలు.

"నాకు పొడి కనబడినా తెలియదు మామయ్యా. అందుకని నేను గీతలు గీసుకుంటాను."

"ఏం గీతలు?"

ఆమె జడలో గుచ్చుకున్న పెన్సిలు తీసి, తలుపంతా ఆ మూలనుంచి ఈ మూలకి వంకరటింకర గీతలు గీసింది. బడికెళ్ళని పిల్లలు గోడమీద గీసినట్టుంది. "గీతలు పోయేదాకా తోమాలి. పోయాక ఆగాలి. మళ్ళీ గీయాలి. కుర్చీ కాళ్ళకి నేను ఇలాగే చేస్తాను. మీరు నవ్వుతారని చెప్పలేదు."

నవ్వేవాడే. నిన్నటిదాకా పెన్సిలు గీతలు పనిరానివాళ్ళ ఊతకర్రలని ఆయనే అందరికీ చెప్పేవాడు. ఇవాళ మాత్రం మిషను తీసుకుని, నొక్కకుండా, దాని బరువు దాన్నే మోయనిచ్చి నడిపాడు. గీతలు ఒక్కొక్కటే పలచబడి, మాయమయ్యాయి. ఎత్తి, అరచేత్తో తడిమి చూశాడు. పట్టులా ఉంది. ఎండపట్టీలో ఒక్క నలుసు లేదు. మొక్కై వంగనిది మానై వంగదంటారు గానీ, ఆ మాటన్నవాళ్ళెవరో చెక్కపని చేసినవాళ్ళు కారు. మానుని కూడా ఆవిరి పట్టి వంచుతారు, కాకపోతే కాస్త ఓపిక కావాలి.

మూడో తలుపు నుంచి మిషను కోడలి చేతికిచ్చి, తను స్టూలుమీద కూర్చుని చూశాడు. రెండుసార్లు మాత్రం "నొక్కకు" అన్నాడు. ఒకసారి కాగితం ఈల వేస్తే ఇద్దరూ ఒకేసారి తలెత్తారు. అన్నానికి పావుగంట మాత్రమే లేచారు. మారు తలుపుతో కలిపి ఎనిమిదీ అయిదుంబావుకి గోడకి చేరబడి ఉన్నాయి. యజమాని వచ్చి, ఒక్కోదానిమీదా గోరు వెనకవైపు రాసి చూశాడు. చిరిగిన తలుపు సంగతి మేస్త్రి చెప్పినట్టులేదు, ఆయనా అడగలేదు. "ఉంచుకోండి," అని వెళ్ళిపోయాడు. పిండిమరకి కళ్ళు చెమర్చాయి. పొడి పడిందని చెప్పుకోవడానికి ఇవాళ వీల్లేకపోయింది.

కోడలు గొట్టం చుట్టి పైకి కడుతుంటే, ఆయన వాక్యూమ్ డ్రమ్ము పక్కన గొంతుక్కూర్చుని మూత తీశాడు. సగానికి పైగా నిండి ఉంది, ఒక్క రోజుది.

"మామయ్యా, దాని జోలికెళ్ళకండి, దగ్గొస్తుంది. రేపు నేను పారబోస్తాను."

"చూస్తున్నానంతే," అన్నాడాయన. కాసేపటికి మూత పెట్టేశాడు.

షెడ్డు గుమ్మం దగ్గర మేస్త్రి ఆయన్ని ఎగాదిగా చూసి, "పొడి లేకపోయినా తల తెల్లగానే ఉందేమిటి బాబాయ్," అన్నాడు. ఆయన తల తడుముకుని నిజమేనన్నాడు. ఇంటి గుమ్మం ముందు అలవాటుగా భుజాలు దులుపుకుంటే ఏమీ రాలలేదు. మనవరాలు వచ్చి నడుం పట్టుకుంటే, ముందు స్నానం చెయ్యనీ అనాల్సిన అవసరం లేకపోయింది.

ఆ తరువాత పిండిమర షెడ్డుకి వెళ్ళలేదు. మూడు వానాకాలాలు ఇంట్లోనే చూశాడు. ఏడాదికోసారి కోడలికి ఎక్స్‌రే తీయించి, ఏ మసకా లేని ఆమె ఫిల్ము కిటికీకి ఎత్తిపట్టి, ఇంటికొచ్చినవాళ్ళకి పెళ్ళి ఫోటో చూపించినట్టు చూపించేవాడు. మూడో వానాకాలం చివర ఒక మధ్యాహ్నం నిద్రలోనే పోయాడు. కోడలు అప్పుడు బల్ల దగ్గర పనిలో ఉంది.

కానీ ఆయన మానేసిన మర్నాటి పొద్దున్న సంగతి ఒకటి చెప్పాలి. కోడలు అందరికంటే ముందొచ్చి, పారబోయడానికి గోనెసంచీ తెచ్చుకుని, డ్రమ్ము మూత తీసింది. తీసి, సంచీ మూతి చేత్తో పట్టుకుని, మేస్త్రి వచ్చి పిలిచేదాకా అలాగే నిలబడిపోయింది. డ్రమ్ములో మెత్తటి పొడిమీద కుడి అరచెయ్యి అచ్చు ఒకటి ఉంది, ఐదు వేళ్ళూ బాగా చాపి, మణికట్టు దాకా దిగి.